ఇంగ్లీష్ క్లాసులో పిల్లలే నడుపుకునే బుక్ గ్రూపులు పెట్టాలంటే

బుక్ గ్రూపులు, అంటే కొందరు పిల్లలు ఒకే పుస్తకం చదివి దాని గురించి మాట్లాడుకునే గ్రూపులు, మొదలుపెట్టే ముందు టీచర్ తేల్చుకోవాల్సింది ఒక్కటే, ప్రశ్నలు ఎవరు తెస్తారు అని. టీచరే పది ప్రశ్నలు రాసిచ్చి "గ్రూపులో మాట్లాడుకోండి" అంటే నలుగురు కలిసి వర్క్‌షీట్ నింపినట్టే ఉంటుంది, అందులో చర్చేమీ ఉండదు. ప్రశ్న పిల్లల దగ్గర్నుంచే రావాలి, మిగతా ఏర్పాట్లన్నీ దానికోసమే.

గ్రూపుకి నలుగురు, మహా అయితే ఐదుగురు, అంతకన్నా ఎక్కువైతే ఇద్దరు మెల్లగా చర్చలోంచి జారుకుంటారు. పుస్తకం వాళ్ళనే ఎంచుకోనివ్వండి. నాలుగైదు పుస్తకాలు ముందుపెట్టి ఒక్కోదాని గురించి రెండేసి నిమిషాలు ఊరించేలా చెప్పి, మొదటి ఇష్టం రెండో ఇష్టం చీటీ మీద రాసిమ్మంటే ఆ చీటీల్ని బట్టి గ్రూపులు కట్టొచ్చు. మార్కుల్ని బట్టి మాత్రం కట్టొద్దు దయచేసి, బాగా చదివేవాళ్ళంతా ఒకచోట చేరితే మిగతావాళ్ళకి తమ గ్రూపు ఏ గ్రూపో మొదటిరోజే అర్థమైపోతుంది, ఇంక నోరు విప్పరు. పుస్తకం తమకి కష్టమా కాదా చూసుకోడానికి ఐదు వేళ్ళ లెక్క నేర్పండి, మధ్యలో ఏదో ఒక పేజీ తీసి చదువుతూ తెలీని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవాలి, పేజీ అయ్యేలోపు ఐదూ ముడుచుకుపోతే ఆ పుస్తకం ఇప్పుడప్పుడే వద్దు.

ఏ రోజుకి ఎన్ని పేజీలు అన్నది కూడా గ్రూపే కూర్చుని పంచుకోవాలి. వారానికి రెండు సార్లు, ఇరవై ఐదు నిమిషాలు కలిస్తే చాలు.

ఈ పద్ధతిని లిటరేచర్ సర్కిల్స్ అంటారు, 1994లో అమెరికాలో హార్వీ డేనియల్స్ రాసిన పుస్తకంతో బాగా ప్రచారంలోకి వచ్చింది. ఇందులో పిల్లలకి రోల్స్ ఇచ్చి, ఎవరి పని వాళ్ళు రాసుకోడానికి తలా ఒక షీట్ ఇస్తారు, ఒకళ్ళు ప్రశ్నలు తెస్తారు, ఒకళ్ళు గట్టిగా చదివి వినిపించదగ్గ పేరా వెతుకుతారు, ఒకళ్ళు కొత్త మాటలు చూస్తారు, ఇంకొకళ్ళు కథని తమ జీవితంతో కలిపి చూస్తారు. కొత్తగా మొదలుపెట్టిన క్లాసుకి ఇది బాగా పనికొస్తుంది, ఏం మాట్లాడాలో తెలీక బిక్కమొహం వేసుకుని కూర్చోరు. కానీ కొన్నాళ్ళకి పిల్లలు వరసగా తమ షీట్ చదివేసి "అయిపోయింది టీచర్" అనడం మొదలెడతారు, రోల్ షీట్ల మీదే ఆధారపడితే చర్చ యాంత్రికంగా మారుతుందని తర్వాత డేనియల్స్ కూడా హెచ్చరించాడు. అందుకని రెండు మూడు మీటింగుల తర్వాత షీట్లు తీసేసి స్టిక్కీ నోట్లు ఇవ్వండి, చదువుతుంటే ఎక్కడ ఆశ్చర్యం వేసిందో, ఎక్కడ ఒళ్ళు మండిందో, ఎక్కడ అర్థం కాలేదో అక్కడ అంటించుకుని రావడమే హోంవర్క్.

అసలు నేర్పాల్సింది ప్రశ్న అడగడం, దీనికి ఒక పీరియడ్ పూర్తిగా పెట్టినా తప్పులేదు. ఒక చిన్న కథ తీసుకోండి, తల్లికి వచ్చిన ఉత్తరాన్ని కొడుకు దాచేశాడు అనుకుందాం. "ఉత్తరం ఎక్కడ దాచాడు?" అని ఒకళ్ళు అడిగితే ఇంకొకళ్ళు "బీరువాలో" అంటారు, అక్కడితో ఆగిపోతుంది. అదే "చించి పారెయ్యకుండా ఎందుకు దాచాడు?" అని అడిగితే భయం అని ఒకళ్ళు, ఎప్పటికైనా ఇద్దామనే అని ఒకళ్ళు, చించడానికి మనసు రాలేదని ఇంకొకళ్ళు, ముగ్గురూ పేజీలు తిరగేసి సాక్ష్యం వెతుక్కుంటారు. ఈ రెండు ప్రశ్నల్నీ బోర్డు మీద పక్కపక్కన రాసి, తేడా వాళ్ళనే పట్టుకోమనండి. తర్వాత అవతలివాళ్ళ మాట అందుకోవడం కూడా నేర్పాలి, "నువ్వన్నది ఒప్పుకుంటా కానీ", "అది ఏ పేజీలో ఉంది" లాంటి నాలుగైదు వాక్యాలు ఇంగ్లీష్‌లో గోడ మీద అంటిస్తే మాట తడబడే పిల్లలకి ఊతం దొరుకుతుంది. మాట రాకపోతే ముందు సొంత భాషలో చెప్పి, తర్వాత గ్రూపు సాయంతో ఇంగ్లీష్‌లోకి తెచ్చుకోనివ్వండి, ఆలోచన ఉండి భాష రాని పిల్లాణ్ణి గమ్మున కూర్చోబెట్టడం నా దృష్టిలో అన్యాయం.

ఇంక టీచర్ పని ఏంటంటే నోట్‌బుక్ పట్టుకుని గ్రూపుల మధ్య తిరుగుతూ వినడం. మధ్యలో నిశ్శబ్దం వస్తే వెంటనే దూరిపోకండి. మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో సైన్స్ క్లాసుల్ని గమనించి చెప్పిందేంటంటే, టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారు, అదే మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పెద్దవవుతున్నాయి, అడక్కుండానే మాట్లాడేవాళ్ళు పెరుగుతున్నారు అని. గ్రూపుల్లో అయితే ఇంకా ఎక్కువసేపు ఆగొచ్చు.

మార్కులు వెయ్యక తప్పదంటే ఎంత సేపు మాట్లాడారని కాకుండా పుస్తకంలోంచి ఏం చూపించారు, పక్కవాళ్ళ మాటకి ఏం జోడించారు అన్నది చూడండి. చదవకుండా వచ్చినవాళ్ళని తిట్టడం వల్ల ఒరిగేదేం లేదు, ఆరోజు చర్చ జరుగుతున్నంతసేపూ పక్కన కూర్చుని ఆ పేజీలు పూర్తి చెయ్యమనండి, చదవడం అయ్యాక మిగిలిన టైంకి గ్రూపులో కలవనివ్వండి. ఒకే పిల్లాడు వరసగా అలా వస్తుంటే మాత్రం పుస్తకం కుదరలేదేమో అడిగి చూడండి, మార్చుకుంటానంటే మార్చెయ్యండి.