పోర్టబుల్ డేటా లాగర్: టెర్మినళ్లు, కనెక్టర్లు, బటన్లు ఎలా వాడాలి?

డేటా లాగర్‌కు తప్పూ ఒప్పూ తెలియదు. వైర్లు బిగించే టెర్మినల్ దగ్గర ఎంత వోల్టేజీ కనిపిస్తే అంత లెక్కగట్టి, పక్కన టైము వేసి రాసుకుంటూ పోతుంది. స్క్రూ వదులుగా ఉన్నా రాస్తుంది, ప్లస్ మైనస్ తారుమారైనా రాస్తుంది. మూడు రోజుల తర్వాత ఫైలు తెరిస్తే గానీ సంగతి బయటపడదు, అప్పటికి ఆ మూడు రోజులూ పోయినట్టే. అందుకే స్టార్ట్ బటన్ నొక్కకముందు చేయాల్సిన పని గురించే ఇక్కడ ఎక్కువగా చెబుతాను.

మాట్లాడుకోవడానికి ఒక పని ఎదురుగా పెట్టుకుందాం. హైదరాబాద్‌లో మందులు నిల్వచేసే ఒక కోల్డ్ రూము ఉందనుకోండి. లోపల 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్యే ఉండాలి. ఏ మూల ఎంత చల్లగా ఉంటోందో కొలవాలి. ఫార్మా వాళ్లు దీన్ని టెంపరేచర్ మ్యాపింగ్ అంటారు. చేతిలో పది ఛానళ్ల పోర్టబుల్ లాగర్, అంటే పది సెన్సర్లను విడివిడిగా కొలిచేది, పది కె టైప్ థర్మోకపుల్ వైర్లు ఉన్నాయి. థర్మోకపుల్ అంటే రెండు వేర్వేరు లోహాల తీగలను ఒక కొసన అతికించిన సెన్సర్, వేడి తేడాను బట్టి చిన్న వోల్టేజీ ఇస్తుంది. కంపెనీని బట్టి బటన్ల మీద పేర్లు మారొచ్చు గానీ భాగాలు దాదాపు అన్నింటిలోనూ ఇవే.

పెట్టెను చుట్టూ చూడండి

కరెంటు ఇవ్వకముందే లాగర్‌ను చేతిలోకి తీసుకుని నాలుగు వైపులా తిప్పి చూడండి. ముందు స్క్రీన్, దాని పక్కన బటన్లు. పైనో వెనకో స్క్రూలున్న టెర్మినల్ బ్లాకు, దాని మీద మూత. ఒక పక్క ఎస్‌డీ కార్డు స్లాటు, యూఎస్‌బీ పోర్టులు, కొన్నింటికి లాన్ పోర్టు. ఇంకో పక్క అడాప్టర్ జాక్, గ్రౌండ్ స్క్రూ. అడుగున బ్యాటరీ అర.

యూఎస్‌బీ పోర్టులు చాలావాటికి రెండు ఉంటాయి, రెండింటి పనీ వేరు. వెడల్పుగా, బల్లపరుపుగా ఉండేది పెన్ డ్రైవ్ కోసం. చిన్నది, లేదా చదరంగా ఉండేది కంప్యూటర్‌కు కలపడానికి.

వీటితో పాటు అలారం, ట్రిగ్గర్, పల్స్ అని రాసి ఉన్న చిన్న కనెక్టర్ ఒకటి కనిపించవచ్చు. పల్స్ అంటే ఫ్లో మీటరు, వాన కొలిచే రెయిన్ గేజ్ లాంటివి పంపే టిక్కులను లెక్కపెట్టేది. ట్రిగ్గర్ బయటి సంకేతం రాగానే రికార్డింగ్ మొదలుపెట్టడానికి. అలారం విషయంలో మాత్రం జాగ్రత్త. చాలా లాగర్లలో అది ఓపెన్ కలెక్టర్ అవుట్‌పుట్, అంటే లోపల ఉండేది చిన్న ట్రాన్సిస్టర్ మాత్రమే. దానికి నేరుగా 230 వోల్టుల సైరన్ తగిలిస్తే లాగర్ కాలిపోతుంది. మాన్యువల్లో రాసిన వోల్టేజీ, కరెంటు పరిమితి చూసి మధ్యలో రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చి, పెట్టాల్సిందే.

అదే జాగ్రత్త ఇన్‌పుట్ టెర్మినళ్లకూ వర్తిస్తుంది. వోల్టేజీ కొలుస్తుంది కదా అని మెయిన్స్ లైను తెచ్చి తగిలించకూడదు. టెర్మినల్ పక్కన ముద్రించిన గరిష్ఠ వోల్టేజీ దాటితే లాగర్ పోవడం ఒక్కటే కాదు, మనిషికీ ప్రమాదం.

టెర్మినల్ బ్లాకు దగ్గర తొందరపడొద్దు

కె టైప్ థర్మోకపుల్ ఒక డిగ్రీ తేడాకు ఇచ్చేది సుమారు 41 మైక్రోవోల్టులు. ఇంత చిన్న సంకేతం చెడిపోవడానికి ఒక వదులు స్క్రూ చాలు.

వైరు కొసన ప్లాస్టిక్ తొడుగును టెర్మినల్ లోతుకు సరిపడా, ఏడెనిమిది మిల్లీమీటర్లు తీయండి. లోపలి తీగ మీద కత్తి గాటు పడకూడదు. గాటు పడిన చోటే నాలుగు రోజుల్లో తెగుతుంది. పాత వైరైతే కొస నల్లబడి ఉంటుంది, దాన్ని కత్తిరించేసి మెరిసే తీగ బయటికి తీయండి. పోగుల వైరైతే పోగులన్నీ కలిపి మెలిపెట్టండి. ఒక్క పోగు బయటికి వచ్చి పక్క స్క్రూను తాకినా రెండు ఛానళ్ల రీడింగులూ పాడవుతాయి. స్క్రూ కింద తీగ పడాలి, ప్లాస్టిక్ పడకూడదు. బిగించాక వైరును మెల్లగా లాగి చూడండి. కదిలితే విప్పి మళ్లీ బిగించాలి.

ఇప్పుడు ప్లస్, మైనస్. ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు, ఎందుకంటే మన మార్కెట్లో రెండు రంగుల పద్ధతులూ దొరుకుతాయి. అంతర్జాతీయ ఐఈసీ పద్ధతిలో కె టైప్‌కు ఆకుపచ్చ ప్లస్, తెలుపు మైనస్. అమెరికా పద్ధతిలో పసుపు ప్లస్, ఎరుపు మైనస్. అవును, ఎరుపే మైనస్. కరెంటు పనిలో ఎరుపంటే ప్లస్ అని అలవాటైన చేయి ఇక్కడ తప్పకుండా తడబడుతుంది. రంగు వెలిసిపోయినా, అనుమానం వచ్చినా చిన్న అయస్కాంతం తెచ్చి తీగ దగ్గర పెట్టండి. కె టైప్‌లో మైనస్ తీగ అల్యూమెల్, అది అయస్కాంతానికి అంటుకుంటుంది. ప్లస్ తీగ క్రోమెల్, అది అంటుకోదు. బిగించాక రెండో కొసను, అంటే తీగలు అతికి ఉండే కొలిచే కొసను, రెండు వేళ్ల మధ్య పట్టుకుని స్క్రీన్ చూడండి. రీడింగు పెరగాలి. తగ్గితే తారుమారైందన్నమాట.

వైరు పొడవు చాలలేదని మామూలు రాగి వైరు అతికించడం ఇంకో పెద్ద పొరపాటు. ఏం జరుగుతుందో చూడండి. గదిలో 5 డిగ్రీలుంది, అతుకు కూడా గదిలోనే ఉంది. లాగర్ బయట వరండాలో 30 డిగ్రీల్లో ఉంది. థర్మోకపుల్ కొస, అతుకు రెండూ ఒకే చల్లదనంలో ఉన్నాయి కాబట్టి వోల్టేజీ పుట్టదు. రాగి వైరు దాన్నే తీసుకొస్తుంది. లాగర్ దానికి తన టెర్మినల్ దగ్గరి వేడి, అంటే 30, కలిపి 30 డిగ్రీలని రాస్తుంది. గది సరిగ్గానే ఉంటుంది, రికార్డు చూసినవాళ్లు మాత్రం కంప్రెసర్ పాడైందనుకుంటారు. పొడవు కావాలంటే అదే టైపు ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొనాలి. ఖర్చు ఎక్కువే, అయినా వేరే దారి లేదు.

టెర్మినల్ దగ్గరి వేడిని కలుపుతుందని అన్నాను కదా. ఆ బ్లాకు లోపల చిన్న ఉష్ణోగ్రత సెన్సర్ ఉంటుంది. స్క్రూలన్నీ ఒకే వేడిలో ఉన్నాయని నమ్మి అది లెక్క వేస్తుంది. ఏసీ గాలి సూటిగా కొట్టినా, ఒక పక్క ఎండ పడినా ఆ లెక్క తప్పుతుంది. బ్లాకు మీద మూత ఉండేది దుమ్ము కోసమే కాదు, ఇందుకు కూడా. మూత పెట్టండి, పెట్టాక పది పదిహేను నిమిషాలు ఆగి రీడింగులు నిలకడగా ఉన్నాయో లేదో చూడండి.

పీటీ 100, 4-20 మిల్లీఆంపియర్లు

థర్మోకపుల్ బదులు పీటీ 100, అంటే వేడిని బట్టి నిరోధం మారే ప్లాటినం సెన్సర్, వాడుతుంటే సాధారణంగా మూడు వైర్లు వస్తాయి, రెండు ఒకే రంగు, ఒకటి వేరు. ఈ సెన్సర్ నిరోధం 0 డిగ్రీల దగ్గర 100 ఓములు, 100 డిగ్రీల దగ్గర 138.5 ఓములు. అంటే డిగ్రీకి సుమారు 0.385 ఓములే. రెండు వైర్లతో సరిపెడితే వైర్ల సొంత నిరోధం ఒక్క ఓము ఉన్నా రీడింగు 2.6 డిగ్రీలు పెరిగిపోతుంది. 2 నుంచి 8 మధ్య ఉండాల్సిన గదిలో అంత తప్పు భరించలేం. మూడో వైరు ఉన్నది ఈ తేడా తీసేయడానికే, దాన్ని వదిలేయకండి.

కొలతను కరెంటుగా మార్చి పంపే ట్రాన్స్‌మిటర్ల నుంచి 4-20 మిల్లీఆంపియర్ల సంకేతం వస్తే, లాగర్‌కు కరెంటు ఇన్‌పుట్ లేని పక్షంలో ఆ ఛానల్ ప్లస్, మైనస్ టెర్మినళ్ల మధ్య 250 ఓముల షంట్ రెసిస్టర్ పెట్టండి. ఆ సంకేతం 1-5 వోల్టులుగా మారుతుంది. సున్నా కొలత దగ్గర కూడా 4 మిల్లీఆంపియర్లు వస్తూనే ఉంటాయి కాబట్టి, వైరు తెగితే 0 చూపించి వెంటనే దొరికిపోతుంది.

కొస ఎక్కడ పెట్టాలి

సెన్సర్ల కొలిచే కొసలు తలుపు దగ్గర ఒకటి, ఫ్యాన్ గాలి సూటిగా పడే చోట ఒకటి, పై మూలల్లో, కింది అరల్లో, గది మధ్యలో. ఫ్యాన్ ముందు చోటు నా దృష్టిలో అన్నింటికన్నా ముఖ్యం. గది 8 దాటితే అందరూ కంగారు పడతారు, 0 కంటే కిందికి దిగినచోటు ఎవరికీ పట్టదు. ఇన్సులిన్ లాంటివి ఒకసారి గడ్డకట్టాయంటే తర్వాత కరిగినా వాడటానికి పనికిరావు.

కొస ఇనుప అరను తాకకూడదు, గాలిలో వేలాడాలి. గాలి బదులు మందు సీసా ఎంత చల్లగా ఉందో తెలియాలంటే కొసను గ్లైకాల్ అనే ద్రవం నింపిన చిన్న సీసాలో ముంచి పెట్టండి. తలుపు తీసిన ప్రతిసారీ గాలి రీడింగు ఎగిసిపడుతుంది గానీ సీసాలోది మెల్లగా కదులుతుంది. రెండూ కావాలంటే రెండు ఛానళ్లు కేటాయించండి.

వైర్లను తలుపు సందులోంచి లాగాల్సి వస్తే కట్టగా కాకుండా ఒకదాని పక్కన ఒకటి పరిచి టేపు వేయండి. లావు కట్ట ఉంటే రబ్బరు గాస్కెట్ సరిగా మూసుకోక, బయటి గాలి దూరి మీ కొలతే గదిని మార్చేస్తుంది. మోటారు కేబుళ్ల పక్కన, ముఖ్యంగా వీఎఫ్‌డీ (మోటారు వేగం మార్చే పరికరం) కేబుళ్ల పక్కన సెన్సర్ వైర్లు పరుగెత్తించకండి. దాటక తప్పకపోతే అడ్డంగా, లంబంగా దాటించండి.

ప్రతి వైరుకూ రెండు కొసల్లోనూ నంబరు చీటీ అంటించండి. ఏ నంబరు ఏ మూలన ఉందో కాగితం మీద గీసి ఫోటో తీసుకోండి.

కరెంటు, గడియారం

లాగర్‌తో వచ్చిన అడాప్టరే వాడండి. జాక్ సరిపోయిందని వేరేది పెడితే మధ్య పిన్ను ప్లస్ కావాల్సింది మైనస్ కావొచ్చు. అడాప్టర్ మీద, లాగర్ మీద ఉండే చిన్న వలయం గుర్తు ఒకేలా ఉండాలి. బ్యాటరీ కూడా పెట్టి ఉంచండి. కరెంటు పోయినప్పుడు గది ఎంతసేపు చల్లగా నిలుస్తుందన్నదే కదా మనకు తెలియాల్సింది, అప్పుడే లాగర్ ఆగిపోతే ఏం లాభం? కరెంటు రాగానే రికార్డింగ్ దానంతటదే మళ్లీ మొదలయ్యే సెట్టింగు మెనూలో ఉంటే ఆన్ చేయండి.

చాలాకాలం మూలన పడి ఉన్న లాగరైతే గడియారం చూడండి. లోపలి బటన్ బ్యాటరీ అయిపోతే తేదీ ఏ పాత సంవత్సరానికో వెళ్లిపోతుంది. కరెంటు పోయిన టైము, తలుపు తీసిన టైము, లాగర్ టైము ఒకదానితో ఒకటి కలవకపోతే ఆ గ్రాఫుతో ఏమీ తేల్చలేం.

మెనూలో తప్పక చూడాల్సినవి

మెనూ బటన్ నొక్కి బాణాలతో తిరగండి, ఎంటర్‌తో ఒప్పుకోండి. ప్రతి ఛానల్‌కూ ఇన్‌పుట్ రకం ఎంచాలి. కె టైప్ వైరు పెట్టి మెనూలో టి అనో జె అనో ఉంచేస్తే అంకెలు వస్తాయి, కానీ తప్పు అంకెలు. వాడని ఛానళ్లు ఆఫ్ చేయండి.

ఫిల్టర్ సెట్టింగు 50 హెర్ట్జ్ అని ఉందో లేదో చూడండి. మన కరెంటు 50 హెర్ట్జ్. కొన్ని లాగర్లు 60తో వస్తాయి, అలాగే వదిలేస్తే రీడింగు వణుకుతూ ఉంటుంది. బర్నౌట్ అనే ఆప్షన్ థర్మోకపుల్ తెగితే చెప్పేది, ఆన్‌లో ఉంచండి. అదే సెన్సర్‌ను ఇంకో కంట్రోలరుకూ పంచుకుంటుంటే మాత్రం ఆఫ్ చేయండి. ఎందుకంటే అది వైరులోకి చిన్న కరెంటు పంపి చూస్తుంది, దాంతో రెండో దాని రీడింగు కదలవచ్చు.

ఇంటర్వల్, అంటే ఎంతసేపటికొకసారి రాయాలన్నది, ఎంత పెట్టాలి? కోల్డ్ రూముకు ఒక నిమిషం చాలు. రోజుకు 1,440 వరుసలు వస్తాయి. సెకనుకొకటి పెడితే రోజుకు 86,400. ఎక్సెల్ షీటు పట్టేది 10,48,576 వరుసలే, అంటే పన్నెండు రోజులకే నిండిపోతుంది. ఇక రికార్డింగ్ ఎన్నాళ్లు? ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాల ప్రకారం కోల్డ్ రూముకు 24 నుంచి 72 గంటలు, మామూలు గోదాముకు కనీసం 7 రోజులు.

ఫైలు రకం సీఎస్‌వీ పెడితే ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకుంటుంది. మెమొరీ నిండితే ఆగాలా, పాతది చెరిపి రాయాలా అన్నది కూడా అక్కడే ఉంటుంది. మ్యాపింగ్‌కు ఆగమనే పెట్టండి. ఎస్‌డీ కార్డు పక్కనుండే చిన్న లాక్ కిందికి జరిగి ఉంటే రికార్డింగే మొదలుకాదు, కార్డు పెట్టేముందు చూసుకోండి.

ఐసు పరీక్ష, ఆ తర్వాతే స్టార్ట్

ఫ్లాస్కులో ఐసు బాగా నలగ్గొట్టి నింపి, ఖాళీలు నిండేంత నీళ్లు పోసి కలపండి. పది కొసలనూ కట్టగా మధ్యలో ముంచండి. అడుగుకు తాకకూడదు. కొద్ది నిమిషాల్లో అన్నీ 0 దగ్గరికి రావాలి. ఒక్కటే వేరుగా ఉంటే దాని స్క్రూ, దాని ఛానల్ సెట్టింగు చూడండి. అన్నీ ఒకేలా పక్కకు ఉంటే టెర్మినల్ బ్లాకు వేడి కుదురుకోలేదని అర్థం. కొందరు మరిగే నీళ్లతో కూడా చూస్తారు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ నీళ్లు సుమారు 98 డిగ్రీలకే మరుగుతాయి. 100 రాలేదని లాగర్‌ను తప్పుపట్టకండి. విశాఖ తీరంలో అయితే 100 దగ్గరే రావాలి. ఈ పరీక్ష మన తృప్తికే. ఆడిట్‌కు చూపించాలంటే ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ల్యాబు ఇచ్చిన కాలిబ్రేషన్ (కొలత సరిచూసిన) సర్టిఫికెట్ కావాలి.

కొసలను తిరిగి వాటి చోట్లలో పెట్టి, స్టార్ట్ నొక్కండి. స్క్రీన్ మీద రికార్డింగ్ గుర్తు వచ్చిందో లేదో చూడండి. అయిదు నిమిషాల తర్వాత ఆపి, ఆ చిన్న ఫైలును కంప్యూటర్లో తెరవండి. తేదీ, ఛానళ్లు, అంకెలు సరిగా ఉంటే అసలు రికార్డింగ్ మొదలుపెట్టండి. ఎవరి చేయీ తగలకుండా కీ లాక్ వేయండి. చాలా లాగర్లలో ఒక బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి పట్టుకుంటే లాక్ పడుతుంది.

గడువు ముగిశాక ముందు స్టాప్ నొక్కండి, కార్డు దగ్గరి లైటు మిణుకు ఆగేదాకా ఉండండి, అప్పుడే కార్డు తీయండి. లైటు వెలుగుతుండగా లాగితే చివరి ఫైలు తెరుచుకోకపోవచ్చు. డేటాను రెండు చోట్ల కాపీ చేసి, లాగర్ సెట్టింగుల ఫైలును కూడా పక్కనే దాచండి. చలికాలంలో ఇదే గదికి మళ్లీ మ్యాపింగ్ చేసేటప్పుడు అదే లోడు చేసుకోవచ్చు. వైర్లను గట్టిగా మడవకుండా పెద్ద చుట్టలుగా చుట్టి, నంబరు చీటీలు తీయకుండా పెట్టెలో పెట్టండి.