మన ఊరి బడి ఎవరి ఏలుబడిలో ఉంది? తెలుసుకునే విధానం

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఒక సర్కారు బడి సంగతి తెలుసుకోదలచినవారు మొదటే ఆఫీసుల చుట్టూ తిరగనక్కరలేదు. బడి గేటు మీదున్న బోర్డును నిదానంగా చదివితే చాలావరకు దారి తెలుస్తుంది. ‘మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల’ అని ఉంటే అది మండల పరిషత్తుది, ‘జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల’ అని ఉంటే జిల్లా పరిషత్తుది, ‘ప్రభుత్వ’ అనే మాటతో మొదలైతే నేరుగా రాష్ట్ర ప్రభుత్వానిది, ‘పురపాలక’ అని ఉంటే పట్టణ పాలక సంస్థది. గిరిజన ప్రాంతపు ఆశ్రమ పాఠశాల గిరిజన సంక్షేమ శాఖ చేతిలోను, కస్తూర్బా బాలికా విద్యాలయం కేంద్ర, రాష్ట్రాలు కలిసి నడిపే సమగ్ర శిక్ష పథకం చేతిలోను, గురుకులం దాని సొసైటీ చేతిలోను ఉంటాయి. వీటన్నిటినీ సర్కారు బడి అనే ఒక్క మాటలో కలిపేస్తాము కాబట్టే మన అర్జీలు ఒక ఆఫీసు నుండి మరో ఆఫీసుకు తిరిగి తిరిగి, ‘ఇది మా పరిధిలోనిది కాదు’ అనే ముక్కతో వెనక్కి వస్తుంటాయి.

బోర్డు మీది పేరు యజమానిని చెబుతుంది గాని, పెత్తనం ఎవరిదో పూర్తిగా చెప్పదు. రాజ్యాంగం పదకొండో షెడ్యూలు ప్రాథమిక, మాధ్యమిక విద్యను పంచాయతీరాజ్ సంస్థలకు అప్పగించదగిన విషయాల్లో చేర్చింది. జిల్లా పరిషత్తులో విద్య, వైద్య సేవలకు ఒక స్థాయీ సంఘం కూడా ఉంది. అయినా టీచర్ల నియామకాలు డీఎస్సీ ద్వారా, బదిలీలు పాఠశాల విద్యాశాఖ నిబంధనల ప్రకారం, జీతాల చెల్లింపు రాష్ట్ర ఖజానా నుండి జరుగుతాయి. కాబట్టి లెక్కల మాస్టారు లేరని సర్పంచిని నిలదీయడం వలన ఒరిగేదేమీ ఉండదు. ఆ మాట ప్రధానోపాధ్యాయుల (హెచ్.ఎం.) నుండి మండల విద్యాశాఖాధికారికి (ఎంఈఓ), అక్కడి నుండి జిల్లా విద్యాశాఖాధికారికి (డీఈఓ) రాతపూర్వకంగా వెళ్లాలి. ఉన్నత పాఠశాలలైతే మధ్యలో డిప్యూటీ డీఈఓ ఉంటారు. ఇప్పుడు మండలానికి ఇద్దరు ఎంఈఓలు ఉన్నందున, మీ పనిని ఇద్దరిలో ఎవరు చూస్తారో ముందే అడిగి వెళ్లడం మంచిది. లేకపోతే ఒక పూట వృథా అవుతుంది.

ఇక్కడ రాజాం వైపు వారికి ఒక చిక్కు ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విడదీసినప్పుడు రాజాం, సంతకవిటి, వంగర, రేగిడి ఆమదాలవలస మండలాలు శ్రీకాకుళం నుండి విజయనగరం జిల్లాలోకి వచ్చాయి, పాలకొండ ప్రాంతం పార్వతీపురం మన్యం జిల్లాలో కలిసింది. జిల్లా పరిషత్తులు మాత్రం పాత హద్దులతోనే కొనసాగాయి. అంటే రాజాం మండలంలోని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు విద్యాశాఖ పరంగా పై అధికారి విజయనగరంలోను, జిల్లా పరిషత్తు శ్రీకాకుళంలోను ఉంటారన్నమాట. అక్కడ భవనం విషయమా, బోధన విషయమా అన్నది తేల్చుకున్నాకే బస్సెక్కాలి.

పెత్తనంలో తల్లిదండ్రులకు చట్టం ఇచ్చిన వాటా పాఠశాల యాజమాన్య కమిటీ. 2010 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం ఈ కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది విద్యార్థుల తల్లిదండ్రులో సంరక్షకులో అయి ఉండాలి, సభ్యుల్లో సగం మంది స్త్రీలు ఉండాలి, బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వారి సంఖ్యను బట్టి చోటు దక్కాలి. మన రాష్ట్రంలో తరగతికి ముగ్గురు చొప్పున తల్లిదండ్రులే వీరిని ఎన్నుకుంటారు. ఛైర్మన్ ఆ తల్లిదండ్రుల నుండే వస్తారు, హెచ్.ఎం. కన్వీనరుగా ఉంటారు. బడి పనితీరును గమనించడం, అభివృద్ధి ప్రణాళికను తయారు చేయడం, ప్రభుత్వం నుండో స్థానిక సంస్థ నుండో మరెక్కడి నుండో వచ్చిన నిధుల వాడకాన్ని పరిశీలించడం కమిటీ పనులని చట్టంలోనే రాసి ఉంది. చాలా ఊళ్లలో మాత్రం సభ్యురాలిగా పేరున్న తల్లికి సంతకం పెట్టినప్పుడే తాను సభ్యురాలినన్న సంగతి గుర్తుకు వస్తుంది. నేను చూసిన ఒక బడిలో తీర్మానాల పుస్తకంలోని నాలుగు సమావేశాల సంతకాలు ఒకే పెన్నుతో, ఒకే రోజు పెట్టినట్టు స్పష్టంగా కనిపించాయి. ఆ సభ్యులలో ఒకరు ఆ ఏడాదంతా చెన్నైలో కూలి పనిలో ఉన్నారు.

అందుచేత కమిటీ సభ్యులైనవారు మొదట అడగవలసినది తీర్మానాల పుస్తకం, దాని తరువాత పాఠశాల అభివృద్ధి ప్రణాళిక. ఈ ప్రణాళిక మూడేళ్లకు ఒకటిగా, అందులో ఏడాదికొక ఉపప్రణాళికగా ఉండాలి, ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందే సిద్ధం కావాలి. అంటే మార్చిలో మేల్కొంటే ఆ ఏడాదికి అవకాశం దాటిపోయినట్టే. దసరా సెలవుల తరువాత మొదటి సమావేశంలోనే ప్రహరీ, తాగునీరు, అదనపు గది, టీచరు కొరత వంటివి చర్చకు పెట్టి, డిసెంబరు ముగిసేలోపే తీర్మానం రాయించాలి. నోటి మాటగా ఎన్నిసార్లు అడిగినా లెక్కలోకి రానిది, తీర్మానంగా పైకి వెళ్లినప్పుడు ఒక ఫైలు అవుతుంది.

డబ్బు విషయం ఇంకాస్త ఓపికగా చూడాలి. సర్కారు బడి మీద అయ్యే ఖర్చులో పెద్ద భాగం టీచర్ల జీతాలే, అది బడి ఖాతాను తాకకుండానే వెళ్లిపోతుంది. పుస్తకాలు, యూనిఫాం, బూట్లు, బియ్యం వస్తురూపంలో వస్తాయి. బడి చేతికి నేరుగా అందేది చిన్న మొత్తమే అయినా, తల్లిదండ్రులు లెక్క అడగగలిగేది ఆ మొత్తాన్నే. అందులో ముఖ్యమైనది బడి నిర్వహణ ఖర్చులకు సమగ్ర శిక్ష ఇచ్చే కాంపోజిట్ గ్రాంటు. 2018లో మొదలైన ఈ పథకంలో కేంద్రం 60 శాతం, రాష్ట్రం 40 శాతం భరిస్తాయి. పథకం నిబంధనల ప్రకారం 30 మంది వరకు పిల్లలున్న బడికి ఏడాదికి 10,000 రూపాయలు, 31 నుండి 100 మంది ఉంటే 25,000, 250 మంది వరకు 50,000, 1000 మంది వరకు 75,000, అంతకు మించితే లక్ష రూపాయలు గరిష్ఠ పరిమితి. ఇందులో కనీసం పదో వంతు పరిశుభ్రతకు కేటాయించాలి. ఆటల సామగ్రికి ప్రాథమిక బడికి 5,000, ప్రాథమికోన్నత బడికి 10,000, ఉన్నత పాఠశాలకు 25,000 రూపాయల వరకు వేరే గ్రాంటు ఉంది. 29 మంది పిల్లలున్న బడిలో మరో ఇద్దరు చేరితే గ్రాంటు పరిమితి రెండున్నర రెట్లు అవుతుందన్న సంగతి గ్రహిస్తే, జూన్ నెల చేరికల మీద హెచ్.ఎం.లకు ఉండే ఆరాటం అర్థమవుతుంది.

ఈ లెక్కను పాస్‌బుక్‌లోని నిల్వ చూసి తేల్చకూడదు. 2021 నుండి కేంద్ర ప్రాయోజిత పథకాల డబ్బు రాష్ట్ర స్థాయిలో ఒకే నోడల్ ఖాతాలో ఉండి, బడికి ఇంతవరకు ఖర్చు చేయవచ్చునన్న పరిమితి మాత్రమే ఇస్తున్నారు. బడి పేరున ఉన్న ఖాతా సున్నా నిల్వతోనే నడుస్తుంది. కాబట్టి ‘బ్యాంకులో ఎంత ఉంది?’ అని అడిగితే హెచ్.ఎం. ‘ఏమీ లేదు’ అని నిజాయితీగానే చెప్పవచ్చు. ఈ ఏడాది ఎంత పరిమితి వచ్చింది, ఏ తేదీన వచ్చింది, ఎంత ఖర్చయింది, ఓచర్లు ఏవి అని అడగాలి. తేదీ అడగడం మరచిపోవద్దు. ఆర్థిక సంవత్సరం చివరి వారాల్లో వచ్చిన పరిమితిని ఖర్చు చేయలేకపోయిన హెచ్.ఎం.ను తప్పు పట్టడం న్యాయం కాదు.

తల్లికి వందనం పథకంలో పిల్లవాడికి కేటాయించే 15,000 రూపాయలలో 13,000 తల్లి ఖాతాకు చేరతాయి, మిగతా 2,000 బడుల నిర్వహణ, పారిశుద్ధ్యం కోసం పక్కన పెడతారు. కాబట్టి మరుగుదొడ్లు ఎలా ఉన్నాయని అడగడం ఏ తల్లికైనా హక్కుగానే దక్కుతుంది. మధ్యాహ్న భోజనానికి ప్రాథమిక తరగతుల పిల్లవాడికి 100 గ్రాములు, ప్రాథమికోన్నత తరగతుల పిల్లవాడికి 150 గ్రాముల బియ్యం లెక్క. ఆ రోజు హాజరు పట్టీలోని సంఖ్యతో గుణించి చూడడానికి పెద్ద చదువేమీ అక్కరలేదు.

ఇక బడి పనితీరు. పదో తరగతి ఉత్తీర్ణత శాతం ఒక్కటే చూసి బడిని తూచడం మన జిల్లాల్లో బాగా పాతుకుపోయిన అలవాటు. ఆ శాతాన్ని చూడవలసిందే గాని, అదే ఏడాది రాష్ట్ర సగటు పక్కన పెట్టి చూడాలి. రాష్ట్ర ఉత్తీర్ణత 2024లో 86.69 శాతం కాగా 2025లో 81.14 శాతానికి తగ్గింది. రెండేళ్లూ రాష్ట్రంలో మొదటి స్థానంలో నిలిచిన పార్వతీపురం మన్యం జిల్లా కూడా 96.37 నుండి 93.90కి దిగింది. అటువంటప్పుడు మీ ఊరి బడి 90 నుండి 87కి తగ్గినంత మాత్రాన చదువు పడిపోయిందని చెప్పలేము. ఇరవై మంది రాసే బడిలో ఒక్కరు తప్పితే అయిదు శాతం పోతుందని కూడా గుర్తుంచుకోవాలి.

పదో తరగతి కన్నా ముందే బడి ఆరోగ్యాన్ని చెప్పేవి చేరికలు. ప్రతి బడికి యూడైస్ అనే 11 అంకెల కోడు ఉంటుంది. మన రాష్ట్రపు బడుల కోడు 28తో మొదలవుతుంది. ఆ కోడుతో యూడైస్ ప్లస్ వెబ్‌సైటులో బడి రిపోర్టు కార్డు ఎవరైనా చూడవచ్చు: తరగతివారీ పిల్లలు, టీచర్లు, గదులు, మరుగుదొడ్లు అన్నీ అందులో ఉంటాయి. ఒక్క ఏడాది అంకెలు కాక అయిదేళ్ల వరుసను ఒక కాగితం మీద రాసుకోవాలి. అయితే 2022లో వచ్చిన 117వ నంబరు జీవో వలన చాలా చోట్ల మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లలను దగ్గరలోని ఉన్నత పాఠశాలకు మార్చారు. 2025లో ఆ ఏర్పాటును రద్దు చేసి బడులను కొత్తగా తొమ్మిది రకాలుగా విభజించారు. ఆ మధ్య కాలంలో ప్రాథమిక బడిలో పిల్లలు సగమయ్యారంటే అది పంతులుగారి తప్పు కాకపోవచ్చు.

టీచర్ల సంఖ్యను విద్యాహక్కు చట్టం షెడ్యూలుతో పోల్చవచ్చు: ప్రాథమిక తరగతులలో 60 మంది వరకు ఇద్దరు, 61 నుండి 90 వరకు ముగ్గురు, 120 వరకు నలుగురు ఉండాలి. కాగితం మీద ఇద్దరున్నా ఒకరు డిప్యుటేషన్ మీద వేరే చోట పనిచేస్తుండవచ్చు కాబట్టి, రిపోర్టు కార్డుతో పాటు హాజరు పట్టీని కూడా చూడాలి.

వీటన్నిటికన్నా నేను నమ్మే పరీక్ష ఒకటుంది. అయిదో తరగతి పిల్లవాడి చేతిలో రెండో తరగతి తెలుగు వాచకం పెట్టి ఒక పేరా చదివించండి, తరువాత మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించమనండి. పిల్లల చదువు స్థాయిని కొలిచే ‘అసర్’ సర్వేవారు గ్రామాల్లో ఇళ్లకు వెళ్లి చేసేది దాదాపు ఇదే. ఇచ్ఛాపురం వైపు ఒడియా మాధ్యమం బడి అయితే ఒడియా వాచకమే వాడాలి. అలాగే పిల్లల హాజరును ఏడాది సగటుగా కాక నెలవారీగా చూడాలి. మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్‌కు వేటకు వెళ్లే తీరప్రాంత ఊళ్లలోను, వలస కూలీలున్న ఊళ్లలోను ఇంటిల్లిపాదీ బయలుదేరిన నెలల్లో హాజరు పడిపోతుంది. అటువంటి పిల్లల కోసం సమగ్ర శిక్షలో సీజనల్ హాస్టళ్లకు వీలుంది, అది కమిటీ తీర్మానం చేసి అడగవలసిన విషయం.

అడిగినా కాగితాలు చూపించకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం దరఖాస్తు రుసుము గ్రామ స్థాయి కార్యాలయంలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపై స్థాయిలో 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి ఎక్కడా లేదు. ‘బడి గురించిన సమస్త సమాచారం’ అని రాస్తే సమస్తమూ ఆలస్యమవుతుంది. ఫలానా ఆర్థిక సంవత్సరంలో కాంపోజిట్ గ్రాంటు కింద వచ్చిన పరిమితి, తేదీలు, ఓచర్ల నకళ్లు, కమిటీ తీర్మానాల నకళ్లు అని ఒక్కొక్కటి విడిగా రాయాలి. 30 రోజులలో జవాబు రాకపోతే మరో 30 రోజులలోపు పై అధికారికి మొదటి అప్పీలు చేసుకోవచ్చు. పిల్లల హక్కుకు భంగం కలిగిన ఫిర్యాదైతే విద్యాహక్కు చట్టం 32వ సెక్షను కింద స్థానిక సంస్థకు ఇవ్వాలి, దానిని మూడు నెలల్లో తేల్చాలి. సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లేవారు ఎంఈఓకు ముందే ఇచ్చిన అర్జీ నకలును, దాని మీద ఆఫీసు ముద్రతో సహా, వెంట తీసుకువెళ్లాలి.