ఫంక్షన్ హాల్‌లో బేస్ గిటార్ స్పష్టంగా వినిపించాలంటే ఏం చేయాలి?

నల్గొండలోనో మహబూబ్‌నగర్‌లోనో పెళ్లి రిసెప్షన్‌కు ఆర్కెస్ట్రా ఒప్పుకున్నారనుకోండి. స్టేజీ మీద బేస్ గిటార్ కోసం విడిగా ఆంప్ (శబ్దం పెంచే యంత్రం) దొరకడం అరుదు. మీ వైరు మిక్సర్‌లోకి, అక్కడి నుంచి డీజే బాక్సుల్లోకి వెళ్తుంది. ఆ బాక్సులు కింది శబ్దం, అంటే లోతైన శబ్దం, దండిగానే ఇస్తాయి. అయినా భోజనాల దగ్గరున్న వాళ్లకు ఒక మోత తప్ప మీరు వాయించిన స్వరం చేరదు. పాడేవాళ్ల మాటలు కూడా ఆ మోతలోనే కలిసిపోతాయి.

ఇలాంటి చోట బేస్ బాగా వినపడాలంటే ముందు కింది శబ్దాన్ని కోసేయాలి. వినడానికి విడ్డూరంగా అనిపించినా, మన దగ్గరి హాళ్లలో అన్నిటికంటే ఎక్కువ పని చేసేది ఇదే. కారణం తెలిస్తే మిగతా పనులన్నీ సులువుగా అర్థమవుతాయి.

నాలుగు తీగల బేస్‌లో అన్నిటికంటే లావు తీగ, అంటే E తీగ, సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది. 41 హెర్ట్జ్ అన్నమాట. ఆ శబ్ద తరంగం పొడవు 8 మీటర్లకు పైనే. కింద మార్బుల్, పైన కాంక్రీటు స్లాబు, చుట్టూ అద్దాలు ఉన్న హాల్‌లో అంత పొడవైన తరంగం తొందరగా చావదు. గోడలకు కొట్టుకుని తిరిగి వస్తుంది. ఒక మూల రెట్టింపు అవుతుంది, నాలుగడుగులు పక్కకు జరిగితే మాయమవుతుంది. జనం నిండితే పైశబ్దాన్ని బట్టలు, మనుషులు పీల్చుకుంటారు కానీ కింది శబ్దం పెద్దగా తగ్గదు. ఇంకోపక్క, ఏ స్వరమో గుర్తుపట్టడానికి మన చెవికి ఆ 41 హెర్ట్జే అక్కర్లేదు. దాని మీద పుట్టే 82, 123 హెర్ట్జ్ అనుస్వరాలు, ఇంకా పైన 700, 800 దగ్గర ఉండే వేలి పట్టు వినిపిస్తే చాలు, మెదడే మిగతాది పూరించుకుంటుంది. చిన్న ఫోన్ స్పీకర్‌లో కూడా బేస్ లైన్ అర్థమవుతోందంటే కారణం అదే.

ఇంటి దగ్గర చేసుకోవాల్సినవి

ఎండాకాలంలో మన వైపు 40 డిగ్రీలు దాటడం మామూలే. గిటార్‌ను కారు డిక్కీలో గానీ, ఎండలో నిలిపిన వ్యాన్‌లో గానీ వదలకండి. నెక్ (తీగలు పరిచిన పొడవాటి మెడ) వంగుతుంది, జిగురు కూడా మెత్తబడొచ్చు. ప్రోగ్రాంకు రెండు రోజుల ముందు నెక్ చూసుకోండి. E తీగను మొదటి ఫ్రెట్ (నెక్ మీది అడ్డ లోహపు గీత) దగ్గర, చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టి, ఏడో ఫ్రెట్ మీద తీగ కింద ఎంత సందు ఉందో గమనించండి. విజిటింగ్ కార్డు దూరేంత ఉంటే సరిపోతుంది. ఎక్కువ తక్కువలుంటే నెక్ వంపు సరిచేసే ట్రస్ రాడ్‌ను ఒకసారి పావు చుట్టుకు మించి తిప్పకండి. తిప్పాక కాసేపు ఆగి మళ్లీ చూడండి.

కొత్త తీగలు వేసుకుంటే ప్రోగ్రాం రోజు వేయొద్దు. ఒకటి రెండు రోజుల ముందే వేసి, సాగదీసి, వాయించి ఉంచండి. గిటార్ యాక్టివ్ రకమైతే లోపల 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. వైరు గుచ్చి ఉన్నంతసేపూ అది ఖర్చవుతూనే ఉంటుంది కాబట్టి వాయించనప్పుడు జాక్ తీసేయండి. ఇంకో బ్యాటరీ జేబులో ఉండాల్సిందే.

ఏ గిటార్ మంచిదని చాలామంది అడుగుతారు. 1951లో ఫెండర్ కంపెనీ తెచ్చిన ప్రెసిషన్ బేస్ తరహావి ఇలాంటి హాళ్లకు నాకు బాగా నచ్చుతాయి, ఎందుకంటే వాటిలో మధ్య శబ్దం గట్టిగా ఉంటుంది. ఉన్నది జాజ్ బేస్ తరహా అయితే తీగల కంపనాన్ని పట్టే రెండు పికప్‌లలో వెనక పికప్‌ను కొంచెం పెంచుకోండి. ఐదు తీగలది కొనాలా వద్దా అనే టెన్షన్ అక్కర్లేదు. లావు బీ తీగ 31 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. అద్దెకు వచ్చే బాక్సుల్లో చాలావాటికి ఆ శబ్దాన్ని శుభ్రంగా ఇవ్వడం కష్టం.

డీఐ బాక్స్ లేకుండా బయల్దేరకండి

డబ్బులు ఒకే వస్తువుకు సరిపోతాయంటే నేను డీఐ బాక్సే కొనమంటాను. గిటార్ నుంచి వచ్చే సిగ్నల్ బలహీనమైనది. దాన్ని నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చితే శబ్దం మొద్దుబారుతుంది. పొడవైన మామూలు వైరు వేస్తే పైశబ్దం దారిలోనే తగ్గి, గుయ్‌మనే మోత కలుస్తుంది. డీఐ బాక్స్ ఆ సిగ్నల్‌ను మైకు వైరులో వెళ్లగలిగేలా మారుస్తుంది. అప్పుడు మిక్సర్ హాల్ చివరన, 30 మీటర్ల దూరంలో ఉన్నా ఇబ్బంది ఉండదు. గిటార్ నుంచి డీఐ దాకా వైరు మాత్రం 5, 6 మీటర్లకు మించనీయకండి.

బ్యాటరీ లేని, అంటే పాసివ్ గిటార్ ఉన్నవాళ్లు యాక్టివ్ డీఐ తీసుకోవాలి. యాక్టివ్ గిటార్‌కు పాసివ్ డీఐ చాలు. యాక్టివ్ డీఐ మిక్సర్ ఇచ్చే 48 వోల్టుల ఫాంటమ్ పవర్‌తో నడుస్తుంది. కొన్ని పాత మిక్సర్లలో ఆ సౌకర్యం ఉండదు, కాబట్టి బ్యాటరీతో కూడా నడిచేది చూసి కొనండి. వెనక గ్రౌండ్ లిఫ్ట్ అనే చిన్న మీట ఉందో లేదో తప్పకుండా చూడండి, దాని అవసరం కింద వస్తుంది. డీఐ అవుట్‌పుట్ ఉన్న ప్రీఆంప్ పెడల్ ఇప్పటికే మీ దగ్గరుంటే అదే ఈ పని చేస్తుంది, వేరే కొననక్కర్లేదు.

సంచిలో ఇంకో గిటార్ వైరు, ఇంకో మైకు వైరు, ట్యూనర్, చిన్న టార్చ్, మల్టీమీటర్ పెట్టుకోండి. సొంత ఆంప్ ఉన్నవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆంప్ నుంచి బాక్స్‌కు వేసేది స్పీకర్ వైరే అయి ఉండాలి. గిటార్ వైరు చూడ్డానికి అలాగే ఉన్నా లోపలి తీగ సన్నం, వేడెక్కి ఆంప్‌ను కూడా పాడు చేయగలదు.

కరెంటు విషయంలో మొహమాటం వద్దు

దేవరకొండ, అచ్చంపేట, గద్వాల వైపు ఊళ్లలో షామియానా వేసి చేసే కార్యక్రమాలు చాలా వరకు జనరేటర్ మీద నడుస్తాయి. ఎర్తింగ్ సరిగా లేని బోర్డులు అక్కడ ఎదురవుతూనే ఉంటాయి. బేస్ వాయిస్తూ కోరస్ పాడేవాళ్లకు ఇది ప్రాణాల మీదికి తెచ్చే విషయం. చెయ్యి తీగల మీద ఉంటుంది, పెదవి మైకుకు తగులుతుంది. గిటార్ ఒక బోర్డు నుంచి, మైకు సిస్టం ఇంకో బోర్డు నుంచి ఎర్త్ తీసుకుంటూ, ఒకదాంట్లో తేడా ఉంటే కరెంటు మీ ఒంట్లోంచి పోతుంది.

అందుకే వాయించే ముందు మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల మీద, 230 కంటే పై రేంజ్‌లో పెట్టండి. ఒక మొనను గిటార్ బ్రిడ్జికి, ఇంకో మొనను మైకు జాలీకి ఆనించండి. ఆ సమయంలో మీ వేళ్లు లోహానికి తగలకూడదు. సున్నాకు దగ్గరగా ఉంటే మంచిది. కొన్ని వోల్టులకు మించి కనిపించిందంటే, ఎలక్ట్రీషియన్ వచ్చి సరిచేసేదాకా రెండూ కలిపి ముట్టుకోవద్దు. పెళ్లివారు తొందరపెట్టినా సరే. స్టేజీ మీది వస్తువులూ మిక్సరూ ఒకే ఫేజ్ మీద ఉన్నాయా అని కూడా అడగండి. వేర్వేరు ఫేజులయితే వాటి మధ్య 400 వోల్టుల దాకా ఉంటుంది.

గుయ్‌మని మోగితే ప్లగ్‌కున్న ఎర్త్ పిన్ను విరిచేయమనో, టేపు చుట్టమనో సలహా ఇచ్చేవాళ్లుంటారు. ఎంత అనుభవజ్ఞులు చెప్పినా వినకండి. మోత ఆగుతుంది గానీ మిమ్మల్ని కాపాడేది పోతుంది. గిటార్ పట్టుకుని ఒక చుట్టు తిరిగి చూడండి. తిరుగుతున్నకొద్దీ మోత పెరిగి తగ్గుతుంటే అది లైట్లు, అడాప్టర్ల నుంచి పికప్ పట్టుకుంటున్నది, మీరు వాటికి దూరంగా జరగాలి. ఎటు తిరిగినా మోత ఒకేలా ఉంటే రెండు ఎర్త్‌ల మధ్య తేడా కావచ్చు. డీఐ మీది గ్రౌండ్ లిఫ్ట్ మీట ఇప్పుడు నొక్కండి. అది మైకు వైరులోని షీల్డును మాత్రమే విడదీస్తుంది, కరెంటు ఎర్త్ జోలికి పోదు.

సౌండ్ చెక్

సౌండ్ ఆపరేటర్‌తో స్నేహంగా మొదలుపెట్టండి. పొద్దున్నుంచి బాక్సులు మోసి అలసిపోయి ఉంటారు. "అన్నా, నా బేస్ ఛానెల్ ఫ్లాట్‌గా పెట్టవా, ఒక్క రెండు నిమిషాలు చూసుకుందాం" అని అడిగితే కాదనేవాళ్లు తక్కువ. "బేస్ పెంచన్నా" అని మాత్రం మొదట్లోనే అనకండి.

ఛానెల్‌లో ఈక్వలైజర్ మీటలన్నీ మధ్యలో ఉండాలి. మీరు వాయించగలిగినంత గట్టిగా వాయించండి. ఎర్ర లైటు వెలగకుండా గెయిన్ (లోపలికి వచ్చే సిగ్నల్ మట్టం) పెట్టమనండి. రిహార్సల్‌లో నెమ్మదిగా వాయించి స్టేజీ మీద ఊపులో బాదితే ఆ లెక్కంతా తప్పుతుంది.

తర్వాత కింది శబ్దం కోత. డిజిటల్ మిక్సర్ అయితే కింది శబ్దాన్ని కోసే హై పాస్ ఫిల్టర్‌ను 40 హెర్ట్జ్ దగ్గర పెట్టమనండి. పాత అనలాగ్ మిక్సర్లలో లో కట్ మీట ఉంటుంది, చాలావాటిలో అది 80 లేదా 100 దగ్గర కోస్తుంది. బేస్‌కు అది నొక్కకూడదని చాలామంది అంటారు. మార్బుల్ హాల్‌లో మాత్రం ఒకసారి నొక్కి, హాల్ మధ్యలో నిలబడి వినండి. 82 హెర్ట్జ్ అనుస్వరం మిగిలే ఉంటుంది కాబట్టి స్వరం పోదు, మోత పోతుంది. పలచబడిందనిపిస్తే తీసేయొచ్చు.

ఇప్పుడు అసలు పని. ప్రతి హాల్‌కూ తాను పట్టుకుని లాగే ఒక స్వరం ఉంటుంది. E తీగ నుంచి మొదలుపెట్టి ఒక్కో ఫ్రెట్ ఎక్కుతూ, ఒకే బలంతో, నెమ్మదిగా రెండు సప్తకాలు వాయించండి. ఎక్కడో ఒకటి రెండు స్వరాలు ఉన్నట్టుండి పొంగుతాయి. అది ఏ తీగ, ఎన్నో ఫ్రెట్టో గుర్తుపెట్టుకోండి. ఫ్రెట్ నొక్కకుండా వాయిస్తే A తీగ 55, D తీగ 73, G తీగ 98 హెర్ట్జ్ దగ్గర ఉంటాయి. పన్నెండో ఫ్రెట్ దగ్గర ఆ అంకె రెట్టింపు. ఈ లెక్కన పొంగుతున్న స్వరం ఎంత హెర్ట్జో తెలుస్తుంది. మిక్సర్‌లో సరిగ్గా అక్కడ, సన్నగా, 4 నుంచి 6 డెసిబెల్స్ తగ్గించమనండి. ఈ ఒక్క పని చేస్తే పాడేవాళ్లకు కూడా ఊపిరాడుతుంది. ఆ తర్వాత 200, 250 దగ్గర కొంచెం తగ్గించి, 700 నుంచి 900 మధ్య 3 డెసిబెల్స్ పెంచితే వేలి పట్టు వినిపిస్తుంది. ఒంటరిగా వింటే ఈ టోన్ కాస్త ముక్కుతో పలికినట్టు ఉంటుంది. బ్యాండ్ అంతా మొదలయ్యాక మాత్రం సరిగ్గా ఇమిడిపోతుంది. అందుకే ఒంటరిగా విని తీర్పు చెప్పకండి.

గట్టి శబ్దాన్ని అదుపు చేసే కంప్రెసర్ ఉంటే 4కు 1 నిష్పత్తిలో, గట్టి దెబ్బలప్పుడు 3 నుంచి 5 డెసిబెల్స్ తగ్గేలా పెట్టుకోవచ్చు. లేకపోతే వేళ్లతోనే సమానంగా వాయించే సాధన చేయండి.

మన ఆర్కెస్ట్రాల్లో కింది శబ్దానికి పోటీ ఎక్కువ. రిథమ్ ప్యాడ్ కిక్, డోలక్ బేస్ వైపు, కీబోర్డు ఎడమ చెయ్యి అన్నీ అక్కడే గుమిగూడతాయి. కీబోర్డు వాయించేవారితో ముందే మాట్లాడుకోండి. బేస్ ఉన్న పాటల్లో ఎడమ చెయ్యి మధ్య సప్తకం కిందికి దిగకుండా ఉంటే చాలు. ప్యాడ్ కిక్ 60 హెర్ట్జ్ దగ్గర బలంగా ఉంటే మీరు 100 పైన నిలబడండి. దప్పు ఉన్న జానపద పాటల్లో మాత్రం స్వరాలు తగ్గించి, దరువు మధ్య ఖాళీలు వదలండి. దప్పు మోగేచోట బేస్ ఆగడం కూడా వాయించడమే.

ఆరుబయట అయితే

చెర్వుగట్టు జాతర, కురుమూర్తి జాతర రోజుల్లో పెట్టే స్టేజీలకు, వినాయక మండపాలకు లెక్క మారుతుంది. గోడలు లేవు కాబట్టి కింది శబ్దం తిరిగి రాదు. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం సుమారు 6 డెసిబెల్స్ పడిపోతుంది. లో కట్ మీట తీసేయండి, 80 నుంచి 100 దగ్గర కాస్త పెంచుకోండి. చెక్క పలకలతో కట్టిన స్టేజీ లోపల బోలుగా ఉంటుంది, మీ ఆంప్‌ను దాని మీద నేరుగా పెడితే స్టేజీయే మోగుతుంది. ఇటుకల మీదనో, మందపాటి ఫోమ్ మీదనో పెట్టండి.

రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్ స్పీకర్లు వాడకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. కొన్ని పండుగ రోజుల్లో రాత్రి 12 దాకా సడలించే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికి ఉంది. పర్మిషన్ ఎంతవరకో నిర్వాహకులను ముందే అడిగి, ముఖ్యమైన పాటలు ఆలోపే పెట్టుకోండి.

మీకు మీరు వినపడాలంటే మానిటర్ (స్టేజీ మీద మీ వైపు తిప్పి పెట్టే బాక్స్) పెంచమని అడిగే ముందు, ప్యాడ్ లేదా డ్రమ్స్ వాయించేవారి పక్కన నిలబడి చూడండి. ఇయర్ మానిటర్లు వాడేవాళ్లు ఒక చెవి తీసేసి వాయించే అలవాటు మానాలి, ఎందుకంటే అప్పుడు రెండో చెవిలో శబ్దం పెంచుతూ పోతారు. 100 డెసిబెల్స్ దగ్గర చెవికి సురక్షితమైన సమయం సుమారు 15 నిమిషాలే. సంగీతం కోసం చేసిన ఇయర్ ప్లగ్స్ పెట్టుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

ప్రోగ్రాం అయ్యాక గిటార్ వాల్యూమ్ తగ్గించి, మీ ఛానెల్ మ్యూట్ చేయించాకే జాక్ తీయండి, లేకపోతే బాక్సుల్లో పేలినట్టు చప్పుడొస్తుంది. తీగలను పొడిబట్టతో తుడవండి. మిక్సర్‌లో మీ ఛానెల్ మీటలు కనిపించేలా ఫోన్‌లో ఒక ఫోటో తీసుకుని, హాల్ పేరు, పొంగిన స్వరం ఏదో కింద రాసుకోండి. పెళ్లిళ్ల సీజన్‌లో అదే హాల్‌కు మళ్లీ పిలుపొచ్చినప్పుడు ఆ ఫోటో సౌండ్ ఆపరేటర్‌కు చూపిస్తే చాలు.