అంతర్జాతీయ వసతి గృహానికి దరఖాస్తు, 4వ పాఠం: ‘ఎందుకు చేరాలనుకుంటున్నారు?’

ఈ పాఠం సిఫారసు లేఖల గురించి ఉండాల్సింది. దాన్ని వచ్చేసారికి వాయిదా వేస్తున్నాను. 3వ పాఠం చివర ‘మీ కారణాన్ని ఒక పేరాలో రాయండి’ అంటే, వచ్చిన చిత్తుప్రతుల్లో చాలావరకు ఎస్‌ఓపీలోంచి (యూనివర్సిటీ సీటు కోసం రాసే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్) ఎత్తి అతికించినవే. సీజీపీఏ, ఫైనలియర్ ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్, పైథాన్. అవి యూనివర్సిటీకి చెప్పాల్సిన సంగతులు. వాళ్లు మీకు సీటు ఇచ్చేశారు కూడా. ఇప్పుడు ‘ఎందుకు?’ అని అడుగుతున్నది ఇల్లు, అంటే ఆ వసతి గృహం. చదువులో మీరెంత గట్టివారన్నది దానికి రెండో విషయం. రాత్రి భోజనం బల్ల దగ్గర మీ పక్క కుర్చీలో కూర్చున్నవాళ్లకు మీ వల్ల ఏం కలుగుతుందన్నది మొదటిది.

ఇంటి పుట్టుక తెలిస్తే ఈ ప్రశ్న అర్థమవుతుంది. న్యూయార్క్ ఇంటర్నేషనల్ హౌస్‌నే తీసుకోండి. 1909లో కొలంబియా యూనివర్సిటీ లైబ్రరీ మెట్ల మీద హ్యారీ ఎడ్మండ్స్ అనే వైఎంసీఏ (క్రైస్తవ యువజన సంస్థ) ఉద్యోగి ఎదురైన చైనా విద్యార్థికి ‘గుడ్ మార్నింగ్’ చెప్పాడు. ఊళ్లోకి వచ్చి మూడు వారాలైందనీ, తనను పలకరించిన మొదటి మనిషి మీరేననీ ఆ కుర్రవాడు అన్నాడు. ఎడ్మండ్స్ దంపతులు విదేశీ విద్యార్థులను ఆదివారం రాత్రి భోజనాలకు పిలవడం అక్కడ మొదలైంది. జాన్ డి. రాక్‌ఫెల్లర్ జూనియర్ డబ్బుతో 1924లో రివర్‌సైడ్ డ్రైవ్‌లో భవనం లేచింది. తర్వాత 1930లో బర్కిలీలో, 1932లో షికాగోలో. గదుల కొరత తీర్చడానికి కట్టినవి కావు ఇవి, పలకరింపు కోసం కట్టినవి.

అందుకే ఒక పరీక్ష పెట్టుకోండి. మీ పేరాలో ప్రతి వాక్యం దగ్గర ఆగి ఇలా అడగండి: న్యూయార్క్ పక్కనున్న జెర్సీ సిటీ జర్నల్ స్క్వేర్‌లో నలుగురు తెలుగు కుర్రాళ్లతో ఫ్లాట్ తీసుకున్నా ఈ మాట నిజమేనా? నిజమే అయితే కొట్టేయండి. ‘క్యాంపస్‌కు దగ్గర’, ‘భద్రత’, ‘చదువుకునే వాతావరణం’ అన్నీ పోతాయి. ‘కొత్త సంస్కృతులు తెలుసుకోవాలని ఉంది’ కూడా పోతుంది. న్యూయార్క్‌లో అది సబ్‌వే ఎక్కినా జరుగుతుంది.

ఇక అసలు ఉచ్చు. చిత్తుప్రతి తర్వాత చిత్తుప్రతి ‘వసుధైవ కుటుంబకం’తో మొదలవుతోంది. దయచేసి వద్దు. భారతదేశం నుంచి వచ్చే దరఖాస్తులు చదివేవాళ్లకు అది కంఠతా వచ్చేసి ఉంటుంది. పైగా ఆ శ్లోకం హితోపదేశంలో ఎవరి నోట వస్తుందో చూడండి. జింకతో స్నేహం చేస్తానంటూ నక్క వస్తుంది. ఊరూ పేరూ తెలియనివాణ్ణి ఇంట్లో పెట్టుకోవద్దని కాకి హెచ్చరిస్తుంది. అప్పుడు నక్క ‘అయం నిజః పరో వేతి’ అని మొదలయ్యే ఆ శ్లోకమే చదివి చోటు సంపాదిస్తుంది, తర్వాత జింకను వలలో పడేస్తుంది. మహోపనిషత్తులో అదే మాట లోకాన్ని గెలిచిన జ్ఞాని స్థితిని చెబుతుంది. ఈ రెంటిలో ఏదీ 22 ఏళ్ల విద్యార్థి గది అడగడానికి సరిపోదు. అన్నిటికన్నా పెద్ద నష్టం వేరే ఉంది: ఆ మాట రాయగానే కారణం చెప్పేశామన్న తృప్తి వచ్చేస్తుంది, కలం ఆగిపోతుంది. ‘నేను గ్లోబల్ సిటిజన్‌ని’, ‘సరిహద్దుల్లేని ప్రపంచం’ దీని పిల్లలే. అవీ వద్దు.

మరి ఏం రాయాలి? మీ ఊరి ఇంజనీరింగ్ సమస్య ఒకటి పట్టుకోండి. అది మీ సబ్జెక్టులో ఎక్కడ ఆగిపోయిందో చూడండి. అక్కడి నుంచి ముందుకు కదలడానికి ఎవరు కావాలో, ఆ మనిషే మీ కారణం.

నల్గొండ ఫ్లోరైడు సంగతి చూద్దాం. నాగ్‌పూర్‌లోని నీరీ (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన నీటి శుద్ధి పద్ధతికి ఆ జిల్లా పేరే పెట్టారు. 40 లీటర్ల బకెట్‌లో నీళ్లు, పటిక, సున్నం, కాస్త బ్లీచింగ్ పౌడరు. ముందు గబగబా కలిపి, తర్వాత పది నిమిషాలు నెమ్మదిగా తిప్పి, గంటసేపు కదపకుండా ఉంచితే ఫ్లోరైడు మడ్డితోపాటు అడుగుకు దిగుతుంది. కుళాయిని అడుగుకు కాస్త ఎత్తులో బిగించేది మడ్డి రాకుండా ఉండేందుకే. కెమిస్ట్రీ సులువే. కానీ పటిక కొలత నీటి ఫ్లోరైడునూ క్షారతనూ బట్టి మారుతుంది, ఒక బావి లెక్క ఇంకో బావికి కుదరదు. ఎక్కువైతే నీళ్లలో అల్యూమినియం మిగులుతుంది. రోజూ చేయాలి, మడ్డి ఎక్కడో పారబోయాలి. ఇదే పద్ధతిని తూర్పు ఆఫ్రికాలో ఇథియోపియా, టాంజానియాల రిఫ్ట్ వ్యాలీ అనే లోయ ఊళ్లలోనూ వాడి చూశారు. అప్పుడు పేరా ఇలా వస్తుంది:

‘మా జిల్లా పేరున్న నీటి శుద్ధి పద్ధతి రసాయనికంగా పనిచేస్తుంది, వంటింట్లో ఆగిపోతుంది. రోజూ పటిక కొలిచే పని ఎవరి మీద పడింది, ఎందుకు మానేశారు అన్నది నా పుస్తకాల్లో లేదు. తూర్పు ఆఫ్రికా నుంచి వచ్చిన ప్రజారోగ్య విద్యార్థితో ఒకే బల్ల దగ్గర కూర్చుంటే ఆ మిగతా సగం తెలుస్తుంది. నా వంతుగా బకెట్, పటిక తెచ్చి ఒక సాయంత్రం చేసి చూపిస్తాను.’

చివరి వాక్యం గమనించండి. అందులో వస్తువు ఉంది, పని ఉంది. ‘నా అనుభవాలు పంచుకుంటాను’లో రెండూ లేవు.

ఎలక్ట్రికల్ వాళ్లకు ఆటో స్టార్టర్ ఉంది, కరెంటు వస్తే మోటారును దానంతటదే నడిపించే పరికరం. కరెంటు రాగానే ఒకే ఫీడరు (కరెంటు లైను) మీది బోరు మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి. మొదలయ్యేటప్పుడు మోటారు మామూలు కన్నా అయిదారు రెట్లు కరెంటు లాగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చాక ఆటో స్టార్టర్‌ను తీసేయమన్నారు, మోటారు ఆగకుండా తిరిగితే భూగర్భజలం అడుగంటుతుందని. రైతు ఎందుకు తీయడు? ఇది ఎకనామిక్స్ విద్యార్థిని అడగాల్సిన ప్రశ్న. కంప్యూటర్స్ వాళ్లు ఫోన్‌కు శ్రీకాకుళం యాస ఎందుకు అర్థం కాదో భాషాశాస్త్రం చదివేవాళ్లను అడగొచ్చు.

పేరాను ముందు తెలుగులోనే రాయండి, తర్వాత ఇంగ్లీషులోకి మార్చుకోండి. ఇది నా పట్టుదల. ‘క్రాస్ కల్చరల్ ఎక్స్‌పోజర్’ ఇంగ్లీషులో గంభీరంగా వినిపిస్తుంది. దాన్నే తెలుగులో అమ్మకు చెప్పబోతే నోట మాట రాదు. రానిది తీసేయాలి.

అభ్యాసం ఈసారి గట్టిగానే ఉంది. మీ జిల్లాలో పుట్టిన లేదా బాగా పాతుకుపోయిన సాంకేతిక పద్ధతి ఒకటి ఎంచుకోండి. అది మరో రెండు దేశాల్లో ఏమైందో కనుక్కోండి. ఇంజనీరింగ్ చదవని ముగ్గురికి, అందులో ఒకరు 50 దాటినవారై ఉండాలి, విడివిడిగా చెప్పండి. వాళ్లడిగిన ప్రశ్నలు మాట పొల్లుపోకుండా రాసుకోండి. మీకు జవాబు తెలియని ప్రశ్న దగ్గర మీ పేరా మొదలుపెట్టండి. ఆరు వాక్యాలు, విశేషణం ఒక్కటీ లేకుండా.