టైటిల్స్ పని పేర్ల జాబితాతో మొదలవ్వాలి

సినిమాకు టైటిల్స్, అంటే తెర మీద వచ్చే పేర్లు, చేయమనగానే చాలామంది రిఫరెన్సులు వెతుకుతారు. ముందు చేతికి రావాల్సింది పేర్ల జాబితా. ఒక్కసారికి తెర మీద కనిపించే పేర్లే ఒక కార్డు. కార్డులెన్నో తేలితే నిడివి తేలుతుంది. నిడివి తేలాకే కాన్సెప్ట్.

జాబితాను ప్రొడక్షన్ వాళ్ల దగ్గర ఏ కంప్యూటర్లోనైనా ఒకేలా చదవగలిగే యూనికోడ్‌లో తీసుకోండి. ఫోన్లో చెబితే రాసుకున్నది పనికిరాదు. ఇంటిపేరు పొడి అక్షరం, బిరుదు, స్పెల్లింగు, వరస అన్నీ చూసి నిర్మాత తరఫున ఒకరు సంతకం పెట్టాలి. మామూలుగా బ్యానర్, సమర్పణ, హీరో, హీరోయిన్, మిగతా నటులు, తర్వాత పాటలు, ఫైట్స్, కళ, కూర్పు, ఛాయాగ్రహణం, సంగీతం, నిర్మాత, చివర్లో దర్శకుడు. మధ్యలో ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది మీరు తీర్చే తగువు కాదు. ఇద్దరు హీరోలు ఒకే కార్డు మీద రావాలంటే పాత చిట్కా ఒకటుంది: ఒక పేరు ఎడమవైపు కాస్త కిందకి, రెండోది కుడివైపు కాస్త పైకి. చదివే వరసలో ఒకరు ముందు, ఎత్తులో మరొకరు ముందు.

ఇక లెక్క. సినిమా సెకనుకు 24 ఫ్రేములు. టైటిల్ మ్యూజిక్ 90 బీపీఎం (నిమిషానికి 90 బీట్లు) అయితే బీటుకు 16 ఫ్రేములు, నాలుగు బీట్ల బార్‌కు 64. ఒకటి రెండు పేర్లున్న కార్డుకు ఒక బార్, అంటే రెండున్నర సెకన్ల పైచిలుకు, సరిపోతుంది. ఉదాహరణకు 28 కార్డులకు 28 బార్లు, సినిమా పేరుకు 3, దర్శకుడి కార్డుకు 2. మొత్తం 33 బార్లు, 2112 ఫ్రేములు, సరిగ్గా 88 సెకన్లు. నాలుగైదు పేర్లున్న కార్డును మాత్రం గట్టిగా రెండుసార్లు చదివి చూడండి. ఒక బార్‌లో అందకపోతే రెండు ఇవ్వాల్సిందే. టీవీకి 25 ఫ్రేములు కాబట్టి ఇదే లెక్క అక్కడ వాడితే బీటు మీద పడాల్సిన కట్ మెల్లగా జారిపోతుంది. సెన్సార్ సర్టిఫికెట్టు, పొగాకు హెచ్చరిక ఈ నిడివిలోకి రావు.

తెలుగు అక్షరాల దగ్గరే ఎక్కువ దెబ్బ తగులుతుంది. ఇంగ్లిష్ టెంప్లేట్‌లో "కృష్ణ" అని పేస్ట్ చేసి, ఒక్కో అక్షరం వచ్చేలా యానిమేట్ చేశారనుకోండి. ముందు "కృష", తర్వాత పొల్లుతో "కృష్", ఆఖర్న ణ వత్తు. తెర మీద పేరు తప్పుల తడకలా కనిపిస్తుంది. అక్షరాల మధ్య ఎడం పెంచినా కొన్ని సాఫ్ట్‌వేర్లలో వత్తు విడిపోతుంది. యానిమేషన్ సాఫ్ట్‌వేర్ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో అక్షరాలను పేర్చే టెక్స్ట్ ఇంజిన్ భారతీయ లిపులకు సరిపోయేది పెట్టుకోండి. యానిమేషన్ ఉంటే మాత్రం బొమ్మలు గీసే ఇలస్ట్రేటర్‌లో అవుట్‌లైన్లుగా, అంటే గీతల బొమ్మలుగా, మార్చి, "కృ" ఒక ముక్క, "ష్ణ" ఒక ముక్కగా విడగొట్టుకోవడమే క్షేమం. అవుట్‌లైన్ చేశాక అక్షరం దిద్దలేరు. సంతకం ముందే తీసుకోమన్నది అందుకే. యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలో వచ్చిన ఫైలును కన్వర్టర్‌తో యూనికోడ్‌కు మారిస్తే ప్రతి పేరూ మళ్లీ సరిచూడాలి.

పైన గుడి, కింద వత్తు ఉంటాయి కాబట్టి రెండు వరసల మధ్య దూరం అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లకు తగ్గకూడదు. సినిమా పేరుకు రామభద్ర లాంటి లావు ఫాంటు బాగుంటుంది, చిన్న పేర్లకు మండలి హాయిగా చదవొచ్చు. 2048×858 పిక్సెళ్ల స్కోప్ (వెడల్పు తెర) ఫ్రేములో పక్కలకు 102, పైనా కిందా 43 పిక్సెళ్లు వదిలేయండి. కొన్ని థియేటర్లలో మాస్కింగ్ (తెర చుట్టూ ఉండే నల్లగుడ్డ) అంచులు కొంచెం మింగేస్తుంది.

ఎండ్ రోలింగ్‌లో, అంటే సినిమా చివర కిందనుంచి పైకి కదిలే పేర్లలో, వేగం ఫ్రేముకు పూర్ణసంఖ్య పిక్సెళ్లే ఉండాలి. 2.7 అని పెడితే అక్షరాలు వణుకుతాయి. రెండు నిమిషాలు కావాలన్నారనుకుందాం: 2880 ఫ్రేములు, ఫ్రేముకు 3 చొప్పున 8640 పిక్సెళ్ల ప్రయాణం. అందులో తెర ఎత్తు 858 తీసేస్తే పేర్ల పట్టీకి 7782 మిగులుతుంది. పట్టీ అంతకన్నా పొడవైతే వరసల మధ్య ఖాళీ తగ్గించాలి గానీ వేగం ముట్టుకోవద్దు.

ఫైనల్‌గా పేర్లను అల్ఫాతో (అక్షరాల వెనక పారదర్శకంగా ఉండేలా) ప్రోరెస్ 4444 అనే వీడియో ఫార్మాట్‌లో, వెనక విజువల్స్‌ను పేర్లు లేకుండా విడిగా ఇవ్వండి. హిందీ, తమిళ వెర్షన్లకు రెండోదే కావాలి. అల్ఫా స్ట్రెయిటా, ప్రీమల్టిప్లైడా (పారదర్శకతను రంగులో ముందే కలిపినదా) అన్నది ఫైలు పేరులోనే రాయండి. రంగులు సరిచేసి ఫైనల్ కాపీ తయారుచేసే డీఐలో ఆ సెట్టింగు తప్పితే అక్షరాల చుట్టూ సన్నటి నల్లగీత వస్తుంది.