మున్సిపల్ బడ్జెట్ చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: రాబడి పేజీ

పోయిన పాఠం చివర ఒక ప్రశ్న వేశాను: కార్పొరేషన్ బాండ్లు అమ్మి తెచ్చిన డబ్బు రాబడి కిందికి వస్తుందా? రాదు. 2018లో జీహెచ్‌ఎంసీ (హైదరాబాద్ నగర కార్పొరేషన్) 8.90 శాతం వడ్డీకి 200 కోట్ల రూపాయల బాండ్లు జారీ చేసింది. డబ్బు ఖజానాలో పడిన మాట నిజమే, కానీ అది అప్పు. వడ్డీతో సహా తీర్చాలి. స్థలం అమ్మిన డబ్బు కూడా రాబడి కాదు, ఎందుకంటే అమ్మిన స్థలాన్ని మళ్లీ అమ్మలేం. ఈ రెండూ క్యాపిటల్ పద్దులో, అంటే అప్పులూ ఆస్తుల లెక్కలో ఉంటాయి. ఇవాళ మనం చూడబోయేది ఏటా వచ్చే డబ్బు. పారిశుధ్య కార్మికుల జీతాలు, వీధిదీపాల కరెంటు బిల్లు, చెత్త బండ్ల డీజిల్ నడిచేది దాని మీదే.

రాబడి పేజీ తెరిస్తే పద్దుల పక్కన మూడంకెల కోడ్లు కనిపిస్తాయి. 2004 నాటి జాతీయ మున్సిపల్ అకౌంట్స్ మాన్యువల్ ఇచ్చిన కోడ్లివి. మీ ఊరి బడ్జెట్లో కోడ్లు వేయకపోతే పేర్లు పట్టుకుని వెతుక్కోండి. మనకు ముఖ్యమైనవి 110, 120, 130, 140, 160.

110 అంటే పన్నులు. ఇందులో పెద్దది ఆస్తి పన్ను, అంటే మనం మామూలుగా ఇంటి పన్ను అనేది. అదెలా లెక్క కడతారో హైదరాబాద్ పద్ధతిలో ఒక్కసారి చేత్తో వేసి చూద్దాం, కాగితం తీసుకోండి. వెయ్యి చదరపు అడుగుల ఫ్లాట్. అడుక్కి నెలకు రూ.1.20 అద్దె విలువ అనుకుందాం (ఇది పన్ను లెక్క కోసం కార్పొరేషన్ వేసుకునే అద్దె. బయట అద్దెకూ దీనికీ పోలిక లేదు, కంగారు పడకండి). నెలకు 1,200, ఏడాదికి 14,400. ఇల్లు కట్టి పాతికేళ్లు దాటలేదు కాబట్టి తరుగు కింద 10 శాతం తీసేస్తే 12,960. దాని మీద 30 శాతం పన్ను 3,888. ఆ పన్ను మీద 8 శాతం గ్రంథాలయ సెస్సు 311. మొత్తం 4,199 రూపాయలు.

ఇక్కడే ఒక మెలిక ఉంది. మీరు కట్టింది 4,199 అయినా కార్పొరేషన్‌ది 3,888 మాత్రమే. ఆ 311 గ్రంథాలయ సంస్థకు చేరాలి. అందుకే బడ్జెట్లో ఏ అంకె చూసినా, ఇది ఊరిదా, ఊరు వేరేవాళ్ల కోసం వసూలు చేసి పెట్టిందా అని అడగడం అలవాటు చేసుకోండి.

ఆంధ్రప్రదేశ్‌లో లెక్క వేరు. 2021–22 నుంచి అద్దె విలువ పోయి, ఆస్తి మూలధన విలువ, అంటే ఆస్తి ఖరీదు మీద పన్ను వేస్తున్నారు. కొత్త పద్ధతిలో ఒక్కసారిగా మోయలేనంత పెరగకుండా ఏడాదికి 15 శాతం మించకూడదని పరిమితి పెట్టారు. అంటే అక్కడ 110 పద్దు ఏటా కొంచెం పెరిగితే కొత్త ఇళ్లు వచ్చాయనే అనుకోకండి, పాత ఇళ్ల మీద పెంపు కూడా కావచ్చు. కేంద్ర ప్రభుత్వ ఆస్తుల మీద మాత్రం రాజ్యాంగంలోని 285వ అధికరణ ప్రకారం ఎక్కడా ఆస్తి పన్ను పడదు. ఊరు చేసే సేవలకు బదులుగా తీసుకునే సర్వీస్ చార్జీలే దిక్కు. రైల్వే, రక్షణ శాఖ భూములు ఎక్కువున్న ఊళ్లకు ఇది చిన్న విషయం కాదు.

ఏప్రిల్‌లో ఏడాది పన్ను మొత్తం కట్టేస్తే 5 శాతం తగ్గిస్తారు కాబట్టి వసూళ్లు ఆ నెలలోనే ఎగబాకుతాయి. పేపర్లో ఆ అంకె చూసి పన్నెండుతో గుణించకండి. అడగాల్సింది డీసీబీ. మున్సిపల్ ఆఫీసులో ఈ మూడక్షరాలు తెలియనివారు ఉండరు: డిమాండ్, కలెక్షన్, బ్యాలెన్స్. రావాల్సింది ఎంత, వచ్చింది ఎంత, బకాయి ఎంత. బడ్జెట్ అంచనా ఎంత ఘనంగా ఉన్నా డీసీబీ ముందు దాని గుట్టు బయటపడుతుంది.

120కి వద్దాం. ఇది రాష్ట్రం వసూలు చేసి ఊరికి పంచే డబ్బు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో కట్టే మొత్తంలో స్టాంపు డ్యూటీతో పాటు 1.5 శాతం ట్రాన్స్‌ఫర్ డ్యూటీ ఉంటుంది. రెండు రాష్ట్రాల్లోనూ ఇంతే. 50 లక్షల ఫ్లాట్ చేతులు మారితే 75 వేలు స్థానిక సంస్థ పేరున పడతాయి. పడతాయి అన్నాను గానీ, రాష్ట్ర ఖజానా దాటి ఊరికి ఎప్పుడు చేరతాయన్నది వేరే కథ. రియల్ ఎస్టేట్ పడుకుంటే ఈ పద్దు కూడా పడుకుంటుంది. వృత్తి పన్నులో వాటా కూడా ఇక్కడే వస్తుంది. మనిషికి ఏడాదికి 2,500 రూపాయలు మించకూడదని 276వ అధికరణ 1988లోనే గీత గీసింది, ఆ గీత ఇప్పటికీ కదల్లేదు. పాత బడ్జెట్లలో వినోదపు పన్ను వాటా కూడా ఉండేది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక సినిమా టికెట్ మీది పన్ను అందులో కలిసిపోయింది.

130 మున్సిపల్ షాపుల అద్దెలు. ఇందులో పెద్దగా చెప్పేదేం లేదు.

140 ఫీజులు, యూజర్ చార్జీలు (నీళ్ల లాంటి సేవ వాడుకున్నందుకు కట్టేవి). ట్రేడ్ లైసెన్సులు, ప్రకటనల ఫీజులు, అన్నిటికంటే ముఖ్యంగా ఇంటి ప్లాన్ అనుమతి ఫీజులు. కట్టడాలు జోరుగా సాగే ఏడాది ఇది 110తో పోటీ పడేంత పెరగొచ్చు, మరుసటి ఏడాది చతికిలపడొచ్చు. ఊళ్లను పోల్చేటప్పుడు ఇంకో జాగ్రత్త: హైదరాబాద్‌లో నీటి బిల్లులు 1989 నుంచి ప్రత్యేక బోర్డుకు పోతాయి, జీహెచ్‌ఎంసీ పద్దులో కనిపించవు. విజయవాడ, విశాఖల్లో కార్పొరేషన్లే వసూలు చేసుకుంటాయి.

160 గ్రాంట్లు. 15వ ఆర్థిక సంఘం 2021–26 కాలానికి పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతాన్ని తాగునీరు, పారిశుధ్యానికి కట్టిపడేసింది. మిగతా 40 శాతం మన ఇష్టమే అన్నారు, కానీ జీతాలకు వాడకూడదన్నారు. ఇలాంటి షరతుల వల్లే డబ్బు బ్యాంకులో ఉండి కూడా జీతాల ఫైలు కదలదు.

అభ్యాసం: మీ ఊరి బడ్జెట్లో అంచనాల గడి వదిలేసి, అసలు లెక్కల గడి తీసుకోండి. 110, 130, 140 కలిపి మొత్తం రాబడిలో ఎంత శాతమో కట్టండి. తర్వాత ప్లాన్ అనుమతి ఫీజులను ఆ మూడింటి మొత్తంలోంచీ, మొత్తం రాబడిలోంచీ తీసేసి మళ్లీ కట్టండి. రెండు శాతాలూ రాసి పెట్టుకోండి. నాలుగో పాఠంలో వాటి పక్కన జీతాల పద్దు పెడదాం.