ఈశాన్యంలో బస చేసిన చోటుకి పనికొచ్చే రివ్యూ రాయడం ఎలా

గువాహటి హోటల్‌కి రివ్యూలు వందల్లో ఉంటాయి. ఒకటి తప్పుగా ఉన్నా మిగతావి సరిచేస్తాయి. అరుణాచల్‌లోని జీరో ఊళ్లోనో, నాగాలాండ్‌లోని లోంగ్వాలోనో ఉన్న హోమ్‌స్టేకి నాలుగైదు ఉంటే ఎక్కువ. "వ్యూ సూపర్, ఫుడ్ యావరేజ్, ఓనర్ ఆంటీ చాలా మంచివారు" అన్న మూడు ముక్కలు నమ్ముకుని ఓ కుటుంబం పిల్లల్ని, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకుని బయల్దేరుతుంది. రోడ్డు నుంచి ఇంటికి నూట యాభై మెట్లున్నాయని అక్కడికెళ్లాకే తెలుస్తుంది. ఇంకోపక్క, వైఫై రాలేదని ఎవరో ఇచ్చిన ఒక్క స్టార్‌తో ఒక ఇంటి సీజనంతా దెబ్బతింటుంది. అందుకే రాసేవాళ్లు ముందు ఇది తేల్చుకోవాలి: ఇంటివాళ్లు ఏం మాటిచ్చారు, ఎంత నిలబెట్టుకున్నారు, తగ్గినదాంట్లో వాళ్ల నిర్లక్ష్యం ఎంత, ఆ ఊరి కొండ, వాన, కరెంటు వల్ల వచ్చింది ఎంత.

బుక్ చేసేటప్పుడే మొదలుపెట్టాలి

బుక్ చేసిన రోజే లిస్టింగ్ పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. గది ఫొటో, "హాట్ వాటర్" అన్న మాట, అద్దెలో టిఫిన్ కలిసిందో లేదో, రద్దు చేస్తే డబ్బు వెనక్కొచ్చే గడువు అందులో కనిపించాలి. తర్వాత పేజీ మారిపోవచ్చు. ఫోన్‌లో మాట్లాడినా, ముఖ్యమైనవి వాట్సాప్‌లో మళ్లీ అడిగి రాతలో జవాబు తెప్పించుకోండి: వేడినీళ్లు గీజర్‌వా, కట్టెల పొయ్యి మీద కాచి బకెట్‌తో ఇస్తారా? బాత్రూమ్ గదిలోనా, బయటా? బండి ఆగేచోటు నుంచి ఎన్ని మెట్లు? రూమ్ హీటర్‌కి వేరే తీసుకుంటారా? ఆదివారం భోజనం దొరుకుతుందా? చివరి ప్రశ్న అనవసరం అనిపించవచ్చు కానీ మిజోరం, నాగాలాండ్, మేఘాలయల్లో ఆదివారం చర్చి రోజు. ఐజాల్‌లో ఆ రోజు బజారంతా మూతే. ఇంట్లో వండిపెట్టకపోతే పస్తే.

అరుణాచల్, నాగాలాండ్, మిజోరం, మణిపూర్ వెళ్లడానికి మనకు ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి. దరఖాస్తుకి బస వివరాలు అడిగినప్పుడు ఇంటివాళ్లు వెంటనే పంపారా, రెండు రోజులు నాన్చారా అన్నది రివ్యూలో ఒక వాక్యానికి తగిన సంగతి.

హోమ్‌స్టే అన్న పేరునీ ఇక్కడే పరీక్షించాలి. కేంద్ర పర్యాటక శాఖ పథకంలో హోమ్‌స్టేగా నమోదు కావాలంటే అద్దెకిచ్చే గదులు ఒకటి నుంచి ఆరు దాకా ఉండాలి, యజమాని కుటుంబం అక్కడే కాపురం ఉండాలి. పేరు హోమ్‌స్టే, లోపల పన్నెండు గదులు, ఒక మేనేజర్ కుర్రాడు తప్ప ఇంటివాళ్ల జాడే లేదనుకోండి, అది లాడ్జి. ఆ మాట రివ్యూ మొదట్లోనే చెప్పాలి. లాడ్జి కావడం తప్పేం కాదు, కానీ ఇంటి వంట, ఇంటి మనుషుల కబుర్లు ఆశించి వచ్చేవాళ్లకి ముందే తెలియాలి.

చేరిన మొదటి అరగంట

డిసెంబరులో అక్కడ సాయంత్రం నాలుగున్నరకే పొద్దు గూకుతుంది. వెలుతురుండగా చేరితేనే గది సరిగా కనిపిస్తుంది, బయటి దారి ఫొటోలూ వస్తాయి. సామాన్లు విప్పకముందే తలుపు దగ్గర్నుంచి ఒక నిమిషం వీడియో తీయండి. అందులో గది నంబరు, గడియ, మంచం, బాత్రూమ్, కిటికీ అవతల ఏముందో రావాలి.

కొండ ఊళ్లలో ఒక మెలిక ఉంది. గాంగ్‌టాక్, కోహిమా, ఐజాల్‌లో భవనాలు వాలు మీద కడతారు. రోడ్డు వైపు నుంచి లోపలికి అడుగుపెడితే మీరున్నది పై అంతస్తు, గదులేమో కిందికి దిగుతూ పోతాయి. ఆ కింది గదుల వెనక గోడ నేరుగా మట్టికి ఆనుకుని ఉంటుంది కాబట్టి చెమ్మ ఊరుతుంది. అదే హోటల్లో పై గది తీసుకున్నవాళ్లు ఐదు స్టార్లు, కింది గది తీసుకున్నవాళ్లు రెండు స్టార్లు ఇస్తారు, ఇద్దరి మాటా నిజమే. గది నంబరు, అంతస్తు, రోడ్డుకి పైనా కిందా అన్నది రాయని రివ్యూతో చదివేవాళ్లు ఏమీ తేల్చుకోలేరు.

చెమ్మని చేత్తో చూడాలి. పరుపు మూల ఎత్తి అడుగున అరచెయ్యి పెట్టండి. దిండు వాసన చూడండి. బీరువా వెనక, మంచం తలవైపు గోడ కింది భాగం మీద టార్చి వెయ్యండి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సోహ్రాలో, అదే మన పాఠాల్లోని చిరపుంజిలో, దుప్పటి తడితడిగా తగలడం మామూలే. మబ్బు కిటికీలోంచి గదిలోకి వచ్చే ఊరది. కానీ పరుపు మీద నల్లటి బూజు మచ్చలుంటే అది వాన తప్పు కాదు, ఎండ వచ్చిన రోజుల్లో పరుపు బయటవెయ్యలేదని అర్థం. మొదటిదాన్ని సమాచారంగా రాయండి, రెండోదాన్ని ఫిర్యాదుగా రాయండి.

వేడినీళ్ల సంగతి

ఎక్కువ గొడవలు దీని మీదే, ఎక్కువ అబద్ధాలూ దీని మీదే. "గీజర్ ఉంది" అంటే ఏం తెలియదు. దాని మీద రాసిన సైజు చూడండి. 3 లీటర్లదైతే గిన్నెలు కడగడానికి, మొహం కడుక్కోవడానికి సరిపోతుంది. స్నానానికి 15 లేదా 25 లీటర్లది కావాలి. స్విచ్ వేసిన టైమ్ రాసుకుని, ఎన్ని నిమిషాలకి వేడెక్కింది, ఎన్ని బకెట్లు వచ్చింది లెక్కపెట్టండి. 2 కిలోవాట్ల 15 లీటర్ల గీజర్ బాగా చల్లటి నీటిని వేడి చెయ్యడానికి ఇరవై నిమిషాలకు పైనే తీసుకుంటుంది. వోల్టేజీ 230 నుంచి 180కి పడిపోతే హీటర్ శక్తి దాదాపు 40 శాతం తగ్గి, అదే పనికి అరగంట దాటుతుంది. "గీజర్ పాడైంది" అని రాసేముందు బల్బు మసకగా వెలుగుతోందేమో చూడండి. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద లైట్లు మాత్రమేనా, ఛార్జింగ్ ప్లగ్గులు కూడా పనిచేస్తాయా అన్నది రెండో ప్రశ్న. ఇన్వర్టర్ మీద గీజర్ పనిచెయ్యదు, అది ఆశించకండి.

గ్యాస్ గీజర్ దగ్గర మాత్రం మొహమాటం వద్దు. కిటికీ గానీ, గాలి బయటికి పోయే గొట్టం గానీ లేని చిన్న బాత్రూమ్‌లో అది మండితే రంగూ వాసనా లేని కార్బన్ మోనాక్సైడ్ పోగవుతుంది. తలనొప్పి, కళ్లు తిరగడం మొదలయ్యేసరికే మనిషి తలుపు తీసుకోలేని స్థితికి వస్తాడు. అలాంటి బాత్రూమ్ కనిపిస్తే వాడకండి, బకెట్ నీళ్లు అడగండి, ఇంటివాళ్లకి అప్పుడే చెప్పండి, రివ్యూలో మొదటి వాక్యంగా పెట్టండి. చలికని మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టినా ఇదే ప్రమాదం. గది వెచ్చబెట్టడానికి కట్టెలతో మండించే ఇనప పొయ్యికి, అంటే బుఖారీకి, పొగగొట్టం బయటికి ఉందో లేదో కూడా చూడాలి. మిగతా లోపాలకి స్టార్లు తగ్గించడమా మానడమా అన్నది మీ ఇష్టం, వీటికి మాత్రం మినహాయింపు లేదు.

తవాంగ్ సుమారు 3,000 మీటర్ల ఎత్తున ఉంది. డిసెంబరు, జనవరిల్లో రాత్రి పైపుల్లో నీరు గడ్డకట్టి, ఎండ పడేదాకా కుళాయి రాదు. అనుభవమున్న ఇంటివాళ్లు రాత్రే రెండు బకెట్లు నింపి పెడతారు. "ఉదయం నీళ్లు రాలేదు" అన్నది సగం మాటే. బకెట్లు పెట్టారా లేదా అన్నది మిగతా సగం. కోహిమాలో ఎండాకాలం ముందు నెలల్లో నీటికి కటకట, ట్యాంకర్లు కొనుక్కుంటారు. ఐజాల్‌లో వాననీటిని ట్యాంకుల్లో పట్టి దాచుకుంటారు. అంత వాన పడే సోహ్రాలోనూ శీతాకాలంలో నీటి కొరతే. అలాంటి చోట షవర్ సన్నగా వచ్చిందని స్టార్ కోసెయ్యడం అన్యాయం. నీళ్లు పొదుపుగా వాడాల్సొచ్చిందని రాయండి, చాలు.

రాత్రి, తెల్లారి, తిండి

అస్సాంలోని మాజులీ దీవిలో, మిసింగ్ తెగవాళ్లు గుంజల మీద ఎత్తుగా కట్టే చాంగ్ ఘర్ తరహా వెదురు గుడిసెల్లో పడుకుంటే పక్క గదిలో దగ్గు కూడా వినిపిస్తుంది, నడిస్తే నేల ఊగుతుంది. అది ఆ కట్టడం తీరు. చూడాల్సింది దోమతెరకి చిరుగులున్నాయా, మెట్లకి పట్టుకోవడానికి ఏమైనా ఉందా, రాత్రి బయటి బాత్రూమ్‌కి వెళ్లే దారిలో లైటుందా అని. మందపాటి కర్టెన్లు ఉన్నాయో లేదో తప్పకుండా రాయండి. జూన్‌లో గువాహటిలో నాలుగున్నరకే సూర్యుడు వచ్చేస్తాడు. పసిపిల్లలతో వెళ్లేవాళ్లకి గదిలో టీవీ కంటే ఇది ముఖ్యం. చాలా రూట్లలో షేర్డ్ సుమోలు తెల్లవారుజామునే కదులుతాయి. ఐదింటికి టీ, రెండు రొట్టెలైనా ఇచ్చారా అన్నది కూడా చెప్పండి.

తిండి దగ్గర మన నాలుకని కొలబద్ద చెయ్యకండి. నాగా ఇళ్లలో అఖుని అనే పులియబెట్టిన సోయా వాసన ఘాటుగా ఉంటుంది, మణిపురి ఎరోంబాలో ఙారి అనే పులిసిన ఎండుచేప పడుతుంది. నచ్చకపోవడం వేరు, బాగా వండకపోవడం వేరు. అన్నం అన్నిచోట్లా దొరుకుతుంది, ఆ బెంగ లేదు. శాకాహారులకి అసలు కావాల్సిన సమాచారం వేరే: కూరలో ఎండుచేప లేకుండా విడిగా వండారా, వేరే గిన్నె వాడారా, ఎన్ని గంటల ముందు చెప్పాల్సొచ్చింది? ప్లేటు ధర, రెండోసారి వడ్డించారా, రాత్రి భోజనం ఎన్నింటికి ముగిస్తారు అన్నవి కూడా రాయండి. చాలా ఇళ్లలో ఏడున్నరకల్లా పొయ్యి ఆర్పేస్తారు.

బిల్లు

చెప్పిన అద్దెకీ కట్టినదానికీ తేడా ఎక్కడొచ్చిందో చూడండి. హీటర్, అదనపు పరుపు, కట్టెలు, డ్రైవర్ పడక అన్నీ పక్కన చేరతాయి. రోజుకి రూ. 7,500 దాకా ఉన్న గదికి జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం, దాటితే 18 శాతం. పన్ను వేసినవాళ్లు బిల్లు మీద జీఎస్టీ నంబరు చూపాలి, నంబరు లేకుండా వేస్తే అది రాయాల్సిన సంగతే. యూపీఐ నడిచిందా, నగదే కావాల్సొచ్చిందా, దగ్గర ఏటీఎం ఎక్కడ అన్నది ఒక వాక్యం. డ్రైవర్‌కి మంచం, దుప్పటి ఇచ్చారా అని కూడా అడగండి. చలిలో కారులో పడుకున్న డ్రైవర్ మర్నాడు తవాంగ్ దారిలోని సేలా ఘాట్ ఎక్కాలి, కాబట్టి అది మీ భద్రత కూడా.

ఉత్తర సిక్కింలో లాచెన్, లాచుంగ్ బసలు ఎక్కువగా గాంగ్‌టాక్ ఏజెన్సీల ప్యాకేజీలోనే వస్తాయి. ముందు చూపించిన హోటల్ ఒకటి, దింపింది ఇంకొకటి అయితే ఆ తప్పు ఏజెన్సీది. ఆ కోపం హోటల్ మీద చూపించకండి, రెండు రివ్యూలు విడివిడిగా రాయండి.

రాయడం

గది వదిలిన రోజే నోట్సు పూర్తిచెయ్యండి, రివ్యూ ఒక రాత్రి ఆగి రాయండి. మొదట నెల, ఎన్ని రాత్రులు, ఏ గది, ఎంత కట్టారు. తర్వాత ప్రమాదకరమైనది ఏదైనా ఉంటే అది. తర్వాత దారి, మెట్లు, నీళ్లు, పడక, తిండి. పొగడ్తలు చివర్లో. ఒక నమూనా:

"నవంబరులో 2 రాత్రులు. రోడ్డుకి ఒక అంతస్తు కింద మూలగది, టిఫిన్‌తో రూ. 1,800. బండి ఆగేచోటు నుంచి 64 మెట్లు, సామాను ఇంటివాళ్లే మోశారు. 15 లీటర్ల గీజర్, ఒక బకెట్‌న్నర వస్తుంది, ఇద్దరికి అరగంట తేడా పెట్టుకోవాలి. తలవైపు గోడకి చెమ్మ. చెప్పగానే మంచం జరిపారు, పై గది ఖాళీ లేదు. రాత్రి భోజనం మనిషికి రూ. 250, నాలుగింటిలోపు చెప్పాలి. ఎయిర్‌టెల్ వరండాలో మాత్రమే అందుతుంది. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి వద్దు."

తిట్టూ పొగడ్తా లేవు, అయినా వెళ్లాలో వద్దో ఎవరికివారు తేల్చుకోవచ్చు. డిసెంబరు 1 నుంచి 10 దాకా కిసామాలో హార్న్‌బిల్ ఉత్సవం జరిగేటప్పుడు కోహిమా అద్దెలు బాగా పెరుగుతాయి, సెప్టెంబరు సంగీతోత్సవం అప్పుడు జీరోలోనూ అంతే. ఆ రోజుల ధర రాస్తే ఉత్సవం రోజులని చెప్పండి.

స్టార్లు ఇచ్చేటప్పుడు మేఘాలయలో లోయ అడుగున ఉన్న నోంగ్రియాట్ ఊరి హోమ్‌స్టేని షిల్లాంగ్ హోటల్‌తో పోల్చకండి. అక్కడికి ప్రతి బియ్యపు గింజా, గ్యాస్ సిలిండరూ మూడు వేలకు పైగా మెట్లు మోసుకుంటూ తేవాలి. ఇచ్చిన మాటంతా నిలబెట్టుకుని, శుభ్రంగా, భద్రంగా ఉంటే బకెట్ నీళ్ల ఇంటికైనా ఐదు ఇవ్వొచ్చు. గదిలో గీజర్ ఉందని చెప్పి చన్నీళ్లిచ్చిన ఖరీదైన రిసార్ట్‌కి మూడు కూడా ఎక్కువే.

లోపం కనబడితే ముందు ఇంటివాళ్లకే చెప్పి, సరిచెయ్యడానికి టైమివ్వండి, ఏం చేశారో రివ్యూలో పెట్టండి. "తగ్గించకపోతే చెడ్డ రివ్యూ రాస్తాను" అన్న మాట నోట రానివ్వద్దు. రివ్యూ రాస్తే డిస్కౌంట్ ఇస్తామన్నా ఒప్పుకోకండి. గూగుల్ నియమాలు దాన్ని నిషేధిస్తాయి, మన దేశంలో ఆన్‌లైన్ రివ్యూల కోసం భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ఇచ్చిన ఐఎస్ 19000:2022 అనే ప్రమాణం కూడా ఉంది. ఇంటి పిల్లల ఫొటోలు, యజమాని సొంత ఫోన్ నంబరు, సరిహద్దు ఊళ్లలో సైనిక స్థావరాలు ఫొటోల్లో పడకుండా చూసుకోండి.

ఎయిర్‌బీఎన్‌బీలో 14 రోజుల్లోపే రాయాలి, గూగుల్ మ్యాప్స్‌లో ఎప్పుడైనా రాయొచ్చు, దిద్దొచ్చు. తెలుగులో రాస్తే మనవాళ్లకి బాగుంటుంది. కింద నాలుగు చిన్న వాక్యాలు ఇంగ్లీషులో కూడా చేర్చండి, ఇంటివాళ్లు చదివి సరిచేసుకుంటారు. కొండల్లో మ్యాప్ పిన్ చాలాసార్లు తప్పుచోట ఉంటుంది. గుమ్మం ముందు నిలబడి సరైన చోటు గుర్తుపెట్టుకుని, గూగుల్ మ్యాప్స్‌లో సవరణ పంపండి. దారి మలుపు ఫొటో ఒకటి జోడించండి, చీకటి పడ్డాక వచ్చే బండి అక్కడే ఆగాలి.